మడవాల్సిన మూడో కాలమ్

మొదటి రోజే ఆమె అతని పరువు తీసింది. అదీ సెకన్లతో సహా లెక్క చెప్పి మరీ తీసింది.

"ఇరవై నిమిషాల్లో మీరు పదహారు నిమిషాల పది సెకన్లు మాట్లాడారు. క్లయింట్‌కి మిగిలింది నాలుగు నిమిషాల లోపే. అందులో సగం ఆయన దగ్గుకే సరిపోయింది."

క్లాసంతా గొల్లుమంది. క్లినికల్ సోషల్ వర్క్ పీజీలో అది వాళ్ళ మొదటి ప్రాక్టీసు ఇంటర్వ్యూ. ఒకరు సోషల్ వర్కరుగా కూర్చోవాలి, ఒకరు బాధలున్న క్లయింట్‌గా నటించాలి, మూడో మనిషి చూసి లోపాలు చెప్పాలి. ఆ మూడో మనిషి ఈమె. లోపాలు చెప్పమంటే చాలామంది మొహమాటపడి రెండు మంచి మాటలతో సరిపెడతారు. ఈమె స్టాప్‌వాచ్ తెచ్చుకుంది.

"ఆయన బాధపడుతుంటే ఓదార్చొద్దా మరి?" అన్నాడు, మొహం ఎర్రబడుతుంటే.

"ఓదార్చండి. కాకపోతే ముందు ఆ బాధేమిటో ఆయన్ని చెప్పనివ్వండి."

సాయంత్రానికల్లా అతనికి రేడియో అనీ, ఆమెకు స్టాప్‌వాచ్ అనీ పేర్లు పడిపోయాయి. ఆ తర్వాత అసలు పేర్లు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా వినిపించలేదు.

నిజానికి రేడియో తప్పేమీ లేదు. నాలుగేళ్ళు ఫోన్లో బీమా పాలసీలు అమ్మిన నోరు అది. అవతలివాళ్ళు ఊపిరి తీసుకుంటే పాలసీ పోతుందని నేర్పిన ఉద్యోగం. ఒకరోజు ఫోనెత్తిన ముసలాయన పాలసీ సంగతి వదిలేసి, "కాసేపు నేను మాట్లాడొచ్చా బాబూ?" అని అడిగితే, కుదరదని పెట్టేయాల్సి వచ్చింది. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. నెల తిరక్కుండా రాజీనామా చేసి ఈ కోర్సులో చేరాడు.

"మాట్లాడినందుకు జీతమిచ్చేవాళ్ళని వదిలేసి, వినడం నేర్చుకోడానికి ఎదురు ఫీజు కడుతున్నావా?" అని వాళ్ళమ్మ ఇప్పటికీ వారానికోసారి అడుగుతూనే ఉంటుంది.

పర్యవేక్షణ చూసే మేడమ్‌కి ఏం తోచిందో, ఉప్పూ నిప్పూ లాంటి ఆ ఇద్దర్నీ ఏడాది మొత్తానికి జంట చేసేసింది. మా ఇద్దరికీ పడదు, మార్చమని అతను వెళ్ళి బతిమాలాడు కూడా. "అందుకేగా వేశాను," అని ఆవిడ కాగితాల్లో తల దూర్చేసింది.

అలా మొదలైంది క్యాంటీన్ మూల బల్ల దగ్గర పాఠం.

"నేనొక మాట చెప్పాక, మీరు నోరు తెరిచే ముందు బల్ల కింద వేళ్ళ మీద అయిదు లెక్కపెట్టండి," అంది స్టాప్‌వాచ్. "సరేనా? చెప్తున్నాను. నాకు ఇల్లంటే విసుగొస్తోంది."

"ఒకటి, రెండు..."

"మనసులో లెక్కపెట్టాలి."

"అలా ముందే చెప్పొచ్చుగా," అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోడానికి కాఫీ కప్పు అడ్డం పెట్టుకుంది. కప్పు ఖాళీగా ఉందని ఇద్దరికీ తెలుసు.

ఆరు నెలలు గడిచేసరికి అతనికి అయిదు దాకా లెక్కపెట్టడం రాలేదు గానీ, ఆమె మీద ప్రేమ మాత్రం పీకల దాకా వచ్చేసింది. ఆమె రాని రోజు క్లాసు చప్పగా ఉండేది. అయినా ఆ ఒక్క సంగతిలో రేడియో నోరు పెగల్లేదు. జంటగా పనిచేసేవాళ్ళ మధ్య ఇలాంటిది తెలిస్తే ఏమవుతుందో అని భయం. అంతకంటే ఆమె ఏమంటుందో అని ఇంకా భయం.

దానికి తోడు పరీక్ష ఇంటర్వ్యూ ఒకసారి తప్పాడు. రెండోసారీ తప్పితే ఆసుపత్రిలో నిజం రోగుల దగ్గర శిక్షణకి ప్లేస్‌మెంట్ ఇవ్వరు. ప్లేస్‌మెంట్ లేకపోతే ఏడాదంతా గంగపాలే. అమ్మకి ఏం చెప్పాలో కూడా తెలియదు.

రెండో పరీక్ష రోజున కుండపోత వాన. చిన్న గదిలో రెండు కుర్చీలు, ఒక టిష్యూ డబ్బా, మూల స్టాండు మీద కెమెరా. క్లయింట్ కుర్చీలో స్టాప్‌వాచ్. ఆమెకిచ్చిన కాగితంలో, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని అమ్మాయి కథ ఉంది.

అయిదు నిమిషాలు ఆ కథే నడిచింది. అతను గోళ్ళు అరచేతిలో గుచ్చుకుంటూ వింటున్నాడు. ఉన్నట్టుండి ఆమె కాగితం దాటేసింది.

"చిన్నప్పుడు నాకు నత్తి ఉండేది. మాట బయటికొచ్చేలోపు ఎవరో ఒకరు దాన్ని పూర్తి చేసేసేవాళ్ళు. తప్పు మాటతో పూర్తి చేసినా తలూపేదాన్ని. దాహమేస్తుంటే దుప్పటి కప్పేవాళ్ళు. అందుకే ఎవరు ఎవర్ని ఎంతసేపు మాట్లాడనిస్తున్నారో లెక్కపెట్టడం అలవాటైంది. ఇప్పటికీ ఒక్కోసారి మా నా... నా..."

మాట అక్కడ ఇరుక్కుపోయింది. పెదవి వణికింది. నాన్నా, నానమ్మా? రెండు మాటలూ రేడియో నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. ఏదో ఒకటి అందించడం ఎంత తేలికో అతనికి బాగా తెలుసు. అందించలేదు. అయిదు లెక్కపెట్టాడు, పది లెక్కపెట్టాడు, ఆ తర్వాత లెక్కే మర్చిపోయి ఆమె మొహం చూస్తూ కూర్చున్నాడు. బయట వాన మాత్రం తెరిపి లేకుండా వాగుతూనే ఉంది.

"మా నాన్న," అంది చివరికి, "ఫోన్లో నా వాక్యాలు ఆయనే పూర్తి చేస్తాడు." అని కళ్ళు తుడుచుకుని నవ్వేసింది.

పరీక్ష అయితే అయింది గానీ, పని అవలేదు. ఇంటర్వ్యూని మాట పొల్లుపోకుండా రికార్డు రాయాలి. పేజీకి మూడు కాలమ్‌లు. ఎడమవైపు క్లయింట్ అన్నది, మధ్యలో తను అన్నది, కుడివైపు ఆ క్షణాన తన మనసులో ఏం జరిగిందన్నది. జంటలో రెండోవాళ్ళు మొదటి రెండు కాలమ్‌లూ వీడియోతో పోల్చి చూసి సంతకం పెట్టాలి. మూడోది మేడమ్ ఒక్కరే చదువుతుంది. అందుకని కుడి అంచు వెనక్కి మడిచి పిన్ను కొట్టి ఇవ్వడం అక్కడి పద్ధతి. "మూడో కాలమ్‌లో నిజం ఎంత ఘోరంగా ఉన్నా పాస్ చేస్తాను, అబద్ధముంటే మాత్రం ఫెయిల్," అని మేడమ్ మొదట్లోనే చెప్పింది.

రేడియో నిజమే రాశాడు. నాలుగో పేజీలో, ఆ మాట ఇరుక్కున్న చోట ఇలా రాశాడు: 'మౌనం, నలభై ఒక్క సెకన్లు. ఆ సేపంతా నేను సోషల్ వర్కర్ని కాను. ఈమె మాట కోసం ఎంతసేపైనా కూర్చోవాలనిపించింది. ఆరు నెలలుగా ఈమె అంటే నాకు ఇష్టం. దాస్తే అదీ అబద్ధమే కాబట్టి రాస్తున్నాను.'

రాసి, పేజీలన్నీ మడిచి, పిన్నులు కొట్టి, ఆమె చేతికిచ్చి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు తొమ్మిదింటికి ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. 'నాలుగో పేజీలో నా మాటలు కనిపించడం లేదు.'

ఆమె మాటలుండేది ఎడమవైపు. అవి కనిపించడం లేదంటే మడత ఎడమవైపు పడింది. అంటే కుడివైపు తెరిచి ఉంది. రేడియో గుండె జారి అరికాళ్ళలో పడింది.

ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఏడుసార్లు చేశాడు. నాలుగింటికి రికార్డు మేడమ్ దగ్గరుండాలి. ఆమె సంతకం లేకపోతే ఫెయిల్. అంతకంటే, మనసు విప్పి నత్తి గురించి చెప్పుకున్న పిల్ల, తన మాటలు వింటూ ఎదుటివాడు అనుకున్నది ఇదా అని అసహ్యించుకుంటే? ఇంకా తగ్గని ఆ వానలోనే లైబ్రరీ, క్యాంటీన్, వీడియో గది అన్నీ గాలించాడు. మూడున్నరకి ఇక దాచి లాభం లేదని, తడిసి ముద్దయి మేడమ్ గదిలోకి వెళ్ళాడు.

"మేడమ్, నా రికార్డు ఇంకా..."

"పదింటికే వచ్చేసిందిగా," అందావిడ. బల్ల మీద అతని కాగితాలున్నాయి. నాలుగో పేజీ సరిగ్గా కుడివైపుకి మడిచి, కొత్త పిన్ను కొట్టి, కింద సంతకం పెట్టి ఉంది.

అతను వంగి, ఆ సంతకం ఆమెదేనా అని చూశాడు.

"చదివాను," అంది మేడమ్. "ఇష్టపడటం తప్పు కాదు. రేపు నిజం క్లయింట్ దగ్గర ఇలాంటిదేమైనా కలిగితే ముందు నా దగ్గరికొచ్చి చెప్పాలి. నువ్వు రాసి చెప్పావు, మంచిదే. ఇవాల్టి నుంచి మీ జంట మార్చేస్తున్నాను."

"అయితే నేను ఫెయిలా?"

"రేడియో నలభై ఒక్క సెకన్లు ఆగింది. దానికి ఫెయిల్ ఎలా చేస్తాను? ప్లేస్‌మెంట్ సోమవారం నుంచి. వెళ్ళి తల తుడుచుకో."

గుండెల మీది బరువు సగం దిగింది. మిగతా సగం వరండా చివర, చేతిలో గొడుగుతో నిలబడి ఉంది.

"ఫోను ఎందుకెత్తలేదు?" అన్నాడు దగ్గరికెళ్ళి.

"ఫోన్లో నాకు నత్తి ఎక్కువ."

"పోనీ, ఏదో ఒకటి రాసి పంపాల్సింది. చచ్చి బతికాను."

"రాస్తే నత్తి రాదు. అందుకే రాయలేదు," అంది. "నోటితోనే చెప్పాలని పొద్దుటి నుంచి మీ కోసమే తిరుగుతున్నాను. మీరు మధ్యలో పూర్తి చేయకూడదు."

"చేయను."

ఆమె ఊపిరి పీల్చుకుంది. "నాకూ నువ్వంటే ఇ... ఇ..."

మీరు కాస్తా నువ్వు అయింది. ఆ తర్వాతి మాటేమిటో చెట్టు కింద తడుస్తున్న కుక్కకి కూడా తెలుసు. రేడియోకి తెలియదా? పదిసార్లు గొంతు దాకా వచ్చింది. నోరు బిగబట్టి, నీళ్ళు కారుతున్న జుట్టుతో, ఆమె కళ్ళలోకే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్ళ భయమంతా ఆ నిలబడటంలోనే మెల్లగా దిగిపోయింది. వరండాలోంచి ఇద్దరు ముగ్గురు పక్కకి తప్పుకుని పోయారు. చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"ఇష్టం," అంది.

అతను అప్పుడు ఊపిరి వదిలాడు.

"ఎన్ని సెకన్లు పట్టింది?" అన్నాడు.

ఆమె మెడలో వేలాడుతున్న స్టాప్‌వాచ్ ఎత్తి చూసింది. సున్నా దగ్గరే ఉంది.

"నొక్కడం మర్చిపోయాను," అంది.