రెండోసారి కట్టిన ర్యాంపు

"మీ గేటుకి నడుము మరీ సన్నం సార్. కాస్త లూజు చెయ్యాలి."

పార్కు గేటు ముందు ప్లాను కాగితం విప్పుకుని నిలబడ్డ ఇంజనీరు తలెత్తి చూశాడు. ఎదురుగా ఒక అమ్మాయి గొంతుక్కూర్చుని, మెడలో వేలాడే టేపు తీసి గేటు ఇనుప గొట్టాల మధ్య సందు కొలుస్తోంది. చెవి వెనక నీలం సుద్దముక్క దోపుకుని ఉంది.

"ఏం చేస్తున్నారండీ?"

"కొలత తీస్తున్నాను. కనబడట్లేదా?"

"అది నా పని."

"మరి మీరు చెయ్యట్లేదుగా! వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. ఆ కాగితాన్ని ఇటు తిప్పుతున్నారు, అటు తిప్పుతున్నారు."

ఇంజనీరుకి ఒళ్ళు మండింది. సొంతంగా చేతికొచ్చిన మొదటి పని అది. పాత పార్కుని అందరూ రాగలిగేలా మార్చాలి. మెట్లు ఉన్నచోట ర్యాంపు, గులకరాళ్ళ దారి ఉన్నచోట చదునైన దారి, పట్టుకోవడానికి కడ్డీలున్న బాత్రూములు. గట్టిగా ఏదో అనబోయి, ఆమె వెనకున్న చక్రాల కుర్చీని చూసి ఆగిపోయాడు. అందులో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పడేసినట్టుంది గాని, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"ముందు మూడు మెట్లు. అవి ఎలాగో ఎక్కినా, బళ్ళు దూరకుండా పెట్టిన ఈ వంకర గేటు," అంది అమ్మాయి లేస్తూ. "మా అమ్మ కుర్చీ ఇందులోంచి పట్టదు. ఏడాది నుంచి ఇక్కడిదాకా వచ్చి వెనక్కి వెళ్తున్నాం."

"దాన్ని మార్చడానికే వచ్చానండీ. ఈ గేటు పెట్టింది నేను కాదు."

"మరి ముందే చెప్పొచ్చుగా! అనవసరంగా తిట్టాను."

"తిట్టలేదు కదా?"

"మనసులో తిట్టాను."

పెద్దావిడ నవ్వింది. పక్షవాతం వచ్చాక ఆవిడ మాట ముద్దగా వచ్చేది గాని, ఎకసెక్కానికి మాత్రం ఏ లోటూ లేదు. "ఏం సిమెంటబ్బాయ్! నేనుండగా అవుతుందా నీ పని?"

"నెల తిరక్కుండా లోపల ఉంటారమ్మా," అన్నాడతను. కుర్రతనం కదా, మాట ఇవ్వడానికి ముందూ వెనకా చూసుకోలేదు.

ఆ రోజు నుంచి తల్లీ కూతుళ్ళు రోజూ సాయంత్రం రావడం, గేటు అవతల కుర్చీ ఆపుకుని పని చూడడం మొదలైంది. కూతురు పక్క వీధిలో బట్టలు కుట్టే షాపులో పని చేసేది. పగలంతా మిషను తొక్కి, సాయంత్రం అమ్మని తోసుకుంటూ వచ్చేది. కుడి భుజం పట్టేసేదేమో, కుర్చీ ఆపగానే మొదట ఆ భుజం నొక్కుకునేది. ఇంజనీరు అది చూసేవాడు. చూడనట్టు నటించేవాడు. ఆ నటన మేస్త్రీకి కూడా తెలిసిపోయింది.

"లోపల ఏముందమ్మా, అంత ఇదిగా అడుగుతున్నారు?" అన్నాడొక రోజు ఇంజనీరు.

అమ్మ నిదానంగా, మాటలు కూడదీసుకుంటూ చెప్పింది. పార్కులో చెరువు ఉంది. ఒకప్పుడు అందులో పడవలు తిరిగేవి. ఆ పడవల టికెట్లు అమ్మే గదిలోనే ఆవిడ ఉద్యోగమంతా గడిచింది. గది కిటికీకి సరిగ్గా ముందు ఒక బెంచీ ఉంది, నీళ్ళకెదురుగా.

"దాని మీద ఎవరో ఒకరు ఎప్పుడూ కూర్చునే ఉండేవాళ్ళు. నాకు నీళ్ళు కనబడేవి కావు, వీపులు కనబడేవి. వీపు చూసి చెప్పేసేదాన్ని, ఈ జంట నిలుస్తుందా, మూణ్ణాళ్ళ ముచ్చటా అని."

"నిజమయ్యేదా?"

"మరి! పెళ్ళయ్యాక పిల్లల్తో వచ్చి టికెట్లు కొనేవాళ్ళు కదా!" అమ్మ ఆగి ఊపిరి తీసుకుంది. "నేను మాత్రం ఆ బెంచీ మీద ఒక్కసారీ కూర్చోలేదబ్బాయ్. డ్యూటీ అయ్యేసరికి ఇల్లు, పిల్ల, పొయ్యి. ఒక్కసారి అక్కడ కూర్చుని నీళ్ళు చూడాలి. అంతే."

అంతే అన్న ఆ మాట ఇంజనీరుకి గుచ్చుకుంది. పనివాళ్ళని పరుగులు పెట్టించాడు. వంకర గేటు పీకేశారు, వెడల్పు గేటు పెట్టారు, చెరువు దాకా దారి చదును చేశారు. ఆఖరికి మెట్ల పక్కన ర్యాంపు లేచి, గట్టిపడింది. "రేపు రండి. రేపు నేరుగా బెంచీ దగ్గరికే," అన్నాడు. అమ్మ కళ్ళు మెరిశాయి. కూతురు వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. ఆ చూపుతో అతనికి ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే అతను ఎక్కడినుంచో చక్రాల కుర్చీ తెప్పించి, మేస్త్రీని అందులో కూర్చోబెట్టి, తనే ర్యాంపు మీదికి తోశాడు. పైకి చేరేసరికి భుజం లాగింది. గేటు ముందున్న కాలువని తప్పించబోయి ర్యాంపు పొడవు తగ్గించారు. అందుకే వాలు కాస్త నిటారైంది. తోసేవాళ్ళు తొయ్యగలరు. తొయ్యలేనంత కాదు.

"పాస్ చేసేద్దాం సార్. ఈ కాస్తా ఎవరు చూస్తారు?" అన్నాడు మేస్త్రీ.

ఇంజనీరు కళ్ళ ముందు ఒకటే కనిపించింది. రోజూ సాయంత్రం కుర్చీ ఆపగానే భుజం నొక్కుకునే చెయ్యి.

"పగలగొట్టండి," అన్నాడు.

సాయంత్రం తల్లీ కూతుళ్ళు వచ్చారు. అమ్మకి ఇస్త్రీ బట్టలు, తలనిండా నూనె, జడ. కూతురు కూడా చెవి వెనక సుద్దముక్క తీసేసి వచ్చింది. గేటు దగ్గర రాళ్ళగుట్ట ఉంది.

"ఇదేంటి?" అంది కూతురు.

"వాలు ఎక్కువైందండీ. మీకు తోసేటప్పుడు కష్టమవుతుందని... మలుపు ఇచ్చి పొడుగ్గా మళ్ళీ కడుతున్నాం."

"నాకా? నా కష్టం సంగతి మిమ్మల్ని ఎవరడిగారు?"

"మీ భుజం..."

"నా భుజం నా ఇష్టం! అమ్మ పొద్దున్నించీ రెడీ అయి కూర్చుంది తెలుసా?"

అతని మొహం పాలిపోయింది. మేస్త్రీ సర్దిచెప్పబోయాడు. "నలుగురం ఉన్నాం కదమ్మా. కుర్చీతో సహా ఎత్తి లోపల దింపేస్తాం, ఎంతసేపు?"

అమ్మ చెయ్యి అడ్డం ఊపింది. "నలుగురూ కలిసి మోసే రోజు ఎలాగూ ఒకటుంది నాయనా. ఆ రోజు వద్దనను. ఇది మాత్రం చక్రాల మీదే దాటతాను." తర్వాత ఇంజనీరు వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మా పిల్ల భుజం చూశావన్నమాట. ఫరవాలేదు. ఆగుతాను," అంది.

రెండో ర్యాంపు కాంక్రీటు పోసిన సాయంత్రమే వాన వచ్చింది. చెప్పా పెట్టకుండా, చుట్టం వచ్చినట్టు వచ్చింది. పచ్చి కాంక్రీటు మీద వాన పడితే పని మొత్తం పాడు. పనివాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. ఇంజనీరు ఒక్కడే పెద్ద టార్పాలిన్ పట్టా ఒకటి లాగుతూ గాలితో కుస్తీ పడుతున్నాడు. అమ్మని వాచ్‌మన్ గది చూరు కింద, గేటు బయటే ఉంచి, కూతురు పరుగెత్తుకొచ్చి రెండో కొస పట్టుకుంది.

"గట్టిగా పట్టుకోండి!"

"పట్టుకునే ఉన్నా! మీరే వదిలేస్తున్నారు!"

"నేను వదలట్లేదు, గాలి లాగుతోంది!"

"అన్నీ ఎవరో ఒకరి మీద పెడతారేం?"

ఇద్దరూ ర్యాంపుకి చెరోపక్క, అమ్మకి వీపులు పెట్టి, పట్టా పైకెత్తి నిలబడ్డారు. నీళ్ళు పట్టా మీద చేరి జారుతున్నాయి. కాసేపటికి అతను తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయ్యాడు. ఆమెకి అంచులు మాత్రమే తడిశాయి. ఎందుకలా అయిందో ఆమె అప్పుడు ఆలోచించలేదు.

"ఒక మాట అడగాలండీ."

"ఇప్పుడా?"

"ఇప్పుడైతే మీ చేతులు ఖాళీ లేవు. కొట్టలేరు."

ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే నవ్వు ఆగిపోయింది. "అడక్కు," అంది.

"ఏం అడుగుతానో తెలుసా?"

"తెలుసు కాబట్టే అడక్కంటున్నా. ఇప్పుడు నా బుర్రలో అమ్మకి తప్ప ఇంకెవరికీ చోటు లేదు. అమ్మ లోపలికి వెళ్ళనీ. ఆ రోజు అడుగు."

మీరు పోయి నువ్వు వచ్చింది. అది చాలు అతనికి. వాన తగ్గేదాకా పిచ్చివాడిలా తనలో తను నవ్వుకుంటూ నిలబడ్డాడు.

కొత్త ర్యాంపు మీద గోనెసంచులు పరిచి, రోజూ నీళ్ళు కొట్టారు. కాంక్రీటు గట్టిపడాలంటే తడి ఆరకూడదు, ఎవరూ ఎక్కకూడదు. అమ్మ రోజూ వచ్చి ఆ సంచుల్ని చూసేది. "ఇంకా స్నానం అవలేదా దీనికి?" అనేది. ఇంజనీరు నవ్వేవాడు. ఇంకా కొద్ది రోజులే అనేవాడు.

ఒక సాయంత్రం వాళ్ళు రాలేదు. మర్నాడూ రాలేదు. అతను బట్టలషాపుకి వెళ్ళాడు. ఆమె మిషను మీద గుడ్డ కప్పి ఉంది. "వాళ్ళమ్మ పోయింది బాబూ, మొన్న పొద్దున. పక్షవాతం మళ్ళీ వచ్చిందట, ఈసారి తట్టుకోలేదు," అంది పక్క మిషనావిడ.

ఇంజనీరు వాళ్ళింటికి వెళ్ళాడు. గుమ్మం బయట చెప్పుల గుట్ట. పిన్ని వరసావిడ ఒకరు "ఎవరు బాబూ?" అని అడిగితే, ఏం చెప్పాలో తెలియక, "పార్కులో పని చేస్తానండీ," అన్నాడు. చక్రాల కుర్చీ మడిచి గోడకి ఆనించి ఉంది. దాని పక్కనే నేల మీద ఆమె కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు," అంది. "మొదట కట్టింది అలాగే ఉంచేస్తే, అమ్మ వెళ్ళేదా?"

అబద్ధం చెప్పడానికి అతనికి ఎన్నో దారులున్నాయి. వాలు ప్రమాదమని చెప్పొచ్చు. పైనుంచి ఒప్పుకోలేదని చెప్పొచ్చు. కాని ఆ మొహం చూసి అబద్ధమాడడం అతని వల్ల కాలేదు.

"వెళ్ళేది."

"నేను తొయ్యగలిగేదాన్నా?"

"కష్టం మీద తోసేదానివి."

ఆమె కుర్చీ చక్రాన్ని ఒకసారి చేత్తో తిప్పింది. "నాకు కష్టం లేకుండా చేద్దామనుకున్నావు. ఆ కష్టమేదో నాకు వదిలేస్తే, అమ్మ ఒక్కసారి నీళ్ళు చూసి పోయేది." కళ్ళు తుడుచుకుంది. "వెళ్ళు. ఇంక రాకు."

అతను వచ్చేశాడు. అమ్మ లోపలికి వెళ్ళిన రోజు అడగమంది. ఇక ఆ రోజు అనేది లేదు. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతున్నప్పుడు తెలిసొచ్చింది.

పార్కు తెరిచారు. రిబ్బను, ఫొటోలు, ఉపన్యాసాలు అన్నీ అయ్యాయి. ర్యాంపు మీదుగా జనం రావడం మొదలుపెట్టారు. పసిపిల్లల బళ్ళు తోసుకుంటూ తల్లులు, కాలికి కట్టుతో ఒక కుర్రాడు, భార్యని కుర్చీలో తెచ్చే ముసలాయన. "ఎంత తేలిగ్గా ఉందో బాబూ, చెయ్యి లాగదు," అన్నాడాయన ఇంజనీరుతో. ఆ మాట విని సంతోషించాల్సినవాడు, దణ్ణం పెట్టి పక్కకి వెళ్ళి ఏడ్చాడు.

తర్వాత అతన్ని ఊరి అవతల బస్టాండు పనికి వేశారు. అయినా సాయంత్రమయ్యేసరికి కాళ్ళు పార్కుకే లాగేవి. బెంచీ మీద మాత్రం కూర్చునేవాడు కాదు. మూసేసిన టికెట్ల గది కిటికీకి ఆనుకుని నిలబడి, బెంచీ మీది వీపుల్ని చూసేవాడు. అమ్మ చెప్పింది నిజమే, కొన్నాళ్ళు చూస్తే తెలుస్తుంది. మాట్లాడుకోకపోయినా దగ్గరగా ఉన్న వీపులు ఉంటాయి. పక్కపక్కనే ఉన్నా ఎవరి దారి వారిదే అన్నట్టున్నవీ ఉంటాయి.

వానలు వెళ్ళిపోయి, చలి వచ్చి, అదీ వెళ్ళిపోయి, మళ్ళీ మబ్బులు పట్టే రోజులొచ్చాయి. ఒక సాయంత్రం గేటువైపు చక్రాల చప్పుడు వినబడి అతను అలవాటు కొద్దీ తిరిగి చూశాడు. ఖాళీ కుర్చీని తోసుకుంటూ ఆమె ర్యాంపు ఎక్కుతోంది. మలుపు దగ్గర కూడా ఆగలేదు. చిక్కిపోయింది. చెవి వెనక సుద్దముక్క మాత్రం ఉంది.

నేరుగా వచ్చి అతని ముందు ఆగింది. ఈసారి భుజం నొక్కుకోలేదు.

"ఒక్క చేత్తో తోశాను, చూశావా?"

అతను తలూపాడు.

"కుర్చీ వాచ్‌మన్ గదిలో పెట్టేద్దామని తెచ్చాను. నడవలేనివాళ్ళు ఎవరొచ్చినా వాడుకుంటారు. ముందు ఒకసారి నీళ్ళ దాకా తీసుకెళ్దామని."

ఇద్దరూ నడిచారు. బెంచీ ఖాళీగా ఉంది. ఆమె కుర్చీని బెంచీ పక్కన, నీళ్ళకెదురుగా ఆపి, తను బెంచీ మీద కూర్చుంది. అతను నిలబడే ఉన్నాడు.

"మొదట్లో నీ మీద కోపం. నీ ర్యాంపు తలుచుకుంటే పగలగొట్టాలనిపించేది. తర్వాత్తర్వాత కోపం ఎవరి మీదో కూడా తెలీలేదు, ఊరికే ఏడుపొచ్చేది," అంది ఆమె నీళ్ళ వైపే చూస్తూ. "వాన పడ్డ రోజు ఇంటికెళ్ళాక అమ్మ ఒక మాట చెప్పింది. నీకు చెప్పకుండా దాచుకున్నాను."

"ఏమంది?"

"మన వీపులు చూసిందట. 'ఆ అబ్బాయి తన వైపు పట్టా కిందికి వంచేశాడే, నీళ్ళన్నీ తన మీదికి పోయేలా. నీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. నువ్వు చూసుకోలేదు, నేను చూశాను. అది నిలిచే వీపే' అంది."

అతను మొహం తిప్పుకున్నాడు. ఆమె ఏడుస్తూనే కుర్చీ చేతిని నిమిరింది.

"అమ్మ లోపలికి వెళ్ళిన రోజు అడగమన్నాను. అమ్మని ఇంతకంటే ఎలా తేవాలో నాకు తెలీలేదు. ఇప్పుడడుగు."

"నన్ను క్షమిస్తావా? ఆ ర్యాంపు..."

"అది కాదు అడగాల్సింది."

అతను అడిగాడు. ఆమె వంగి, కుర్చీ నీళ్ళవైపు జారకుండా బ్రేకు వేసింది. తర్వాత బెంచీ మీద కొంచెం పక్కకి జరిగి, అతనికి చోటిచ్చింది.