పదకొండేళ్ళ నాటి ‘వద్దు’

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో ఎవరికీ తొందరుండదు. ఆయన కిటికీ పక్కన కూర్చుని రెండో కాఫీ చల్లారబెట్టుకుంటాడు. అత్తగారు కొడుకు గెలిచిన కప్పుల్ని ఒక్కొక్కటే దింపి తుడుస్తుంటుంది. కూతురు సంచీ భుజాన వేసుకుని ఈత క్లాసుకి పరిగెడుతుంది. ఆ ఆదివారం కూడా అన్నీ అలాగే జరిగాయి. ఒక్క ఆయన భార్యకే కాలు నిలవడం లేదు. తుడిచిన స్టవ్వునే మూడోసారి తుడుస్తోంది.

“పెళ్ళికి ముందు ఏడు. పెళ్ళయ్యాక ఒక్కటీ లేదు,” అంది అత్తగారు కప్పు మీద ఊదుతూ. ఎవర్నీ అన్నట్టుండదు, తగలాల్సిన వాళ్ళకి తగులుతుంది. కోడలికి మామూలుగా అయితే చురుక్కుమనేది. ఇవాళ మాత్రం లోపల్లోపల నవ్వుకుంది. ఇంకో గంట ఓపిక పట్టండి అత్తయ్యా, అనుకుంది.

విషయమేమిటంటే, ఆయన ఒకప్పుడు మోటార్ సైకిల్ రేసులకి వెళ్ళేవాడు. జీతం కోసం కాదు, పేరు కోసమూ కాదు. వారమంతా లిఫ్టులు బాగుచేసే పని, ఆదివారమొస్తే ట్రాక్ మీద నలభై ఏడో నంబరు బండి. అలాంటి వాళ్ళే ఓ పదిమంది ఉండేవారు. ఒకళ్ళ బండి ఒకళ్ళు విప్పుకుంటూ, ఒకళ్ళ డబ్బాలో అన్నం ఒకళ్ళు తింటూ గడిపేసేవారు.

పదకొండేళ్ళ కిందట, కూతురు కడుపులో ఉండగా, ఓ ఆదివారం సాయంత్రం ఆయన ట్రాక్ నుంచి దుమ్ము కొట్టుకుపోయిన బూట్లతో ఇంటికొచ్చాడు. ఆవిడకి ఆ రోజంతా వాంతులు. గుమ్మంలో ఆయన్ని చూడగానే ఏడుపొచ్చి, “ఇంక వద్దండీ,” అంది. పెద్ద గొడవవుతుందనుకుంది. ఆయన “సరే” అన్నాడు. అంతే. మర్నాడు బండి మీద పాత దుప్పటి పడింది.

ఆ ఒక్క మాటని ఆవిడ పదకొండేళ్ళు మోసింది. స్నేహితులు ఫోన్ చేసినప్పుడల్లా ఆయన నవ్వుతూ “మా హోం మినిస్టర్ ఒప్పుకోదురా” అనేవాడు. వాళ్ళు కొన్నాళ్ళు బతిమాలారు, కొన్నాళ్ళు ఏడిపించారు, తర్వాత ఫోన్లే మానేశారు. పెళ్ళిళ్ళలో కనబడితే మాత్రం “మా వాణ్ణి కొంగున కట్టేసుకున్నారు కదమ్మా” అని ఆవిడతోనే అనేవారు. ఆయన పక్కనే నిలబడి నవ్వేవాడు. పాపం, ఆవిడా నవ్వేది.

నిజం చెప్పాలంటే ఆవిడకి దిగులుతో పాటు కాస్త గర్వం కూడా ఉండేది. ఆవిడ పనిచేసే కళ్ళద్దాల షాపులో ఆడవాళ్ళు, మా ఆయన ఎంత మొత్తుకున్నా సిగరెట్టు మానడని చెప్పుకుంటుంటే, ఆవిడ మాట్లాడకుండా అద్దాలు తుడుచుకునేది. తన మొగుడు తన ఒక్క మాటకి ప్రాణంలాంటి బండిని వదిలేశాడు. ఇంకేం కావాలి?

ఆ గర్వానికి ఆవిడ చెల్లించుకున్నది మాత్రం తక్కువ కాదు. ఆరేళ్ళ కిందట షాపు యజమాని ఇంకో ఊళ్ళో కొత్త షాపు తెరుస్తూ దాన్ని ఆవిడనే చూసుకోమన్నాడు. సొంత గది, కొత్త కుర్చీ, కళ్ళ పరీక్షకి గోడ మీద కొత్త అక్షరాల పట్టిక. ఆవిడ ఇంటికొచ్చి ఆ మాటే ఎత్తలేదు. నా కోసం బండి వదులుకున్న మనిషిని ఇప్పుడు ఊరు కూడా వదులుకోమని ఏ మొహం పెట్టుకుని అడగను, అనుకుంది. మర్నాడు వెళ్ళి కుదరదని చెప్పేసింది.

అది మొదలు ఏదీ అడగలేదు.

మూడు నెలల కిందట ఆవిడకి, బండిని మళ్ళీ నడిచేలా చేసి ఆయనకివ్వాలన్న ఆలోచన తట్టింది. మరిదితో మాట్లాడింది. మరిది లేత్ మిషన్ మీద పనిచేస్తాడు, అన్నయ్య రేసులప్పుడు ట్రాక్ గోడ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేది అతనే. చోటు చాలడం లేదన్న వంకతో బండిని అతని షెడ్డుకి చేర్చారు. ఆయన వద్దనలేదు, అడ్డమైతే తీసుకెళ్ళమన్నాడు. రోజూ సాయంత్రం షాపు నుంచి ఆవిడ అటే వెళ్ళి బ్రష్షు పట్టుకుని కూర్చునేది. ఇంజను మరిది చూశాడు, తుప్పంతా ఆవిడ వదిలించింది. వచ్చే ఆదివారం పాత రేసర్లందరూ ట్రాక్ మీద కలుస్తున్నారని తెలిసి, ఆయన పేరు కూడా ఆవిడే రాయించింది.

తొమ్మిదిన్నరకి మరిది ట్రాలీ మీద బండిని తెచ్చి వాకిట్లో దింపాడు. వెంట ‘తాత’ కూడా వచ్చాడు. ముప్ఫై ఏళ్ళకే జుట్టంతా నెరిసిపోవడంతో ఆ రోజుల్లో స్నేహితులు పెట్టిన పేరది, ఇప్పుడు నిజంగానే తాతయ్యాడు. పెళ్ళాం పోయి రెండేళ్ళయింది. అతనూ ఎప్పుడో రేసులు మానేసినవాడే.

నలభై ఏడు నంబరు కొత్త రంగులో మెరుస్తోంది. అత్తగారు చేతిలో కప్పు అలాగే పట్టుకుని బయటికొచ్చి, “ఇదంతా నువ్వు చేయించావా?” అంది కోడల్ని. గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం. ఆవిడ తలూపింది. పదకొండేళ్ళకి దించుకున్న బరువు కదా, కళ్ళు చెమర్చాయి.

ఆయన మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయాడు. మరిది చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, గ్లోవ్స్ తొడిగి, బండి మీద కూర్చోబెట్టాడు. ఒక్క కిక్కుకే అందుకుంది. వీధిలో రెండు కిటికీలు తెరుచుకున్నాయి. ఆయన కుడిచేతి రెండు వేళ్ళు బ్రేకు మీదికి వెళ్ళి బిగుసుకున్నాయి. స్కూటర్ మీద తనని షాపు దగ్గర దింపేటప్పుడూ ఆ వేళ్ళు అలాగే ఉంటాయని ఆవిడకి తెలుసు. వెనక నేనున్నానని జాగ్రత్త, అనుకునేది.

ఆయన ఇంజను ఆపేసి దిగిపోయాడు.

ఇక మొదలయ్యాయి వంకలు. టైర్లు పాతవన్నాడు, కొత్తవి వేయించామన్నాడు మరిది. ఆదివారం డ్యూటీ పడొచ్చన్నాడు, సెలవు మాట్లాడి ఉంచానంది ఆవిడ. ఈ వయసులో ఏమిటన్నాడు, నీకంటే పన్నెండేళ్ళు పెద్దవాణ్ణి నేనే దిగుతున్నానన్నాడు తాత. అందరూ కలిసి చుట్టుముట్టేసరికి ఆయనకి ఊపిరాడలేదు. గ్లోవ్స్ విప్పుతూ, నోటికి అలవాటైపోయిన మాట అనేశాడు.

“అదంతా సరే, ఇంట్లో ఒప్పుకోవాలిగా.”

ఆ ఒప్పుకోవాల్సిన మనిషి ఆయనకి రెండడుగుల దూరంలో, ఆ బండి తుడిచిన గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

షాపులో కళ్ళ పరీక్షకి వచ్చేవాళ్ళలో కొందరుంటారు. కింది వరస కనిపించకపోయినా కనిపిస్తోందని బుకాయిస్తారు. అలాంటి వాళ్ళని ఆవిడ మొహం చూసి పట్టేస్తుంది. అదేం ఖర్మో, ఇంట్లో మనిషి మొహాన్ని పదకొండేళ్ళలో ఒక్కసారీ అలా చూడలేదు. ఇప్పుడు చూసింది.

“ఇంట్లో అంటే నేనేగా,” అంది మెల్లిగా. “నేను ఒప్పుకున్నాను. ఇంకెవరు ఒప్పుకోవాలి?”

ఆయన విప్పిన గ్లోవ్స్‌ని మడతపెట్టసాగాడు.

“చెప్పండి. మీరు మానేసింది నా కోసం కాదా?”

అత్తగారు మధ్యలో ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి తల్లిని ఆపి, వాకిట్లో మెట్టు మీద కూలబడ్డాడు.

“భయమేసింది,” అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. ట్రాక్ మీద పొడుగాటి దారి చివర ఒక మలుపు ఉంటుంది, దానికి ముందు జెండా పట్టుకునేవాడి పసుపు గుడిసె. ఆ గుడిసె దాటాకే ఆయన బ్రేకు వేసేవాడు. ఎన్నేళ్ళో అలాగే చేశాడు. ఒక ఆదివారం గుడిసె ఇంకా రాకుండానే బ్రేకు పడింది. ఎవరూ పడిపోలేదు, ఏమీ జరగలేదు, వేళ్ళే వేసేశాయి. తర్వాతి రౌండూ అంతే, పై వారమూ అంతే. దాటాక వేద్దామని పళ్ళు బిగించి వెళ్ళినా వేళ్ళు మాట వినలేదు. ఆరు వారాల్లో నాలుగో స్థానం నుంచి పందొమ్మిదికి జారిపోయాడు. బండిలో ఏదో లోపమని అందరికీ చెప్పాడు. పాపం, తమ్ముడు రెండుసార్లు ఇంజను విప్పి చూశాడు.

“ముప్ఫై అంతస్తుల లిఫ్టు గోతిలో వేలాడతాను, నాకేం కాదు. ఇక్కడ భయమేసిందని వీళ్ళకి చెప్పడం నామోషీ. ఎలా మానాలా అని ఆ రోజు దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాను. గుమ్మంలో నువ్వు ‘వద్దు’ అన్నావు. నా నెత్తిన పాలు పోసినట్టయింది.”

ఆవిడ చేతిలో గుడ్డ జారిపోయింది. ఇంత కాలమూ నేరమనుకుని మోసింది తనది కాదు. సంతోషించాలి మరి. కానీ దాంతో పాటే, నా కోసం వదిలేశాడు అన్న ఆ ఒక్క తృప్తీ పోయింది. అది పోతే తన దగ్గర మిగిలిందేమిటో ఆవిడకి తోచలేదు.

“మీకు భయమేసిందంటే నేను చులకనగా చూస్తానా?” అంది. “మీ అమ్మ అన్నన్ని మాటలంటుంటే వింటూ కాఫీ తాగారు కదండీ.”

తర్వాత కొత్త షాపు సంగతి చెప్పింది. ఆరేళ్ళలో మొదటిసారి ఆ మాట నోటి నుంచి వచ్చింది. సొంత గది, కుర్చీ, పట్టిక, అన్నీ చెప్పింది. ఆ కుర్చీలో ఇప్పుడెవరు కూర్చున్నారో కూడా చెప్పింది. గొంతు పెంచలేదు. ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. అత్తగారు చేతిలో కప్పుని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, చివరికి నేల మీద పెట్టేసింది. “నాకేం తెలుసమ్మా,” అంది. క్షమించమని అడగడం పెద్దావిడకి చేతకాదు, ఆ మాట అంతవరకే వచ్చింది.

తాత అంతసేపూ బండి సీటు మీద చెయ్యేసి నిలబడే ఉన్నాడు.

“నాకు చూపు అందలేదు,” అన్నాడు ఉన్నట్టుండి. “మలుపులు మసకగా కనబడేవి. కళ్ళద్దాలు పెట్టుకుంటే ముసలాడయ్యాడంటారని మా ఆవిడ పేరు చెప్పి మానేశాను. ఆమె కూడా నీలాగే అందరి చేతా మాటలు పడిందమ్మా. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే...” బండి సీటు నిమిరాడు. “చెప్పకుండానే పంపించేశాను.”

మరిదితో కలిసి బయటికి వెళ్ళబోతూ తాత ఆయన భుజం తట్టాడు. “నీకింకా మనిషుంది,” అని వెళ్ళిపోయాడు.

అత్తగారు లోపలికి వెళ్ళింది. వాకిట్లో ఇద్దరూ, బండీ మిగిలారు. ఆయన లేచొచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. వచ్చే ఆదివారం ట్రాక్‌కి వెళ్తానన్నాడు. బండెక్కడానికి కాదు, వాళ్ళందరి ముందూ ఈ మాట చెప్పడానికి. నువ్వు కూడా రావాలన్నాడు. ఆవిడ కిందపడ్డ గుడ్డ తీసి మడతపెట్టింది.

“నన్ను ఏదైనా అడుగు,” అన్నాడు ఆయన. “ఏదైనా సరే. ఈ ఊరు వదిలేద్దామా? ఇంకో షాపు చూద్దామా? నువ్వు అడుగు, నేను చేస్తాను.”

ఆవిడ నిజంగానే ఆలోచించింది. ఏం కావాలో వెతుక్కుంది. ఒకప్పుడు ఎన్నో ఉండేవి. ఎంత వెతికినా ఒక్కటీ చేతికి తగల్లేదు.

“ఏమోనండీ,” అంది, కళ్ళ నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోకుండానే. “అడగడం అలవాటు తప్పిపోయింది.”

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. “ఎన్నాళ్ళయినా ఉంటాను. గుర్తొచ్చినప్పుడే అడుగు,” అన్నాడు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.