నిండు ట్యాంకులో కిరసనాయిలు

పైపుల దుకాణం మూసేసిన రోజున షావుకారు చేతిలో మిగిలింది తక్కువే. అమ్ముడుపోని కుళాయిలు ఒక గోతాం, మోకాళ్ళ నొప్పి, గుమ్మంలోకి వచ్చిన మనిషి కొనడానికొచ్చాడో ఊరికే ధర అడిగి పోవడానికొచ్చాడో నడకలోనే పసిగట్టే కన్ను. మొదటి రెండూ ఎవరికీ అక్కర్లేకపోయాయి. మూడోదానికి మాత్రం ఎదురు వీధిలో ఆఫీసు పెట్టుకున్న ప్రైవేటు డిటెక్టివ్ గిరాకీ అయింది. ఆమెకు ఆయన కూతురి వయసు. ఆయన్ని ‘బాబాయ్’ అంటుంది. ఆమె బుర్ర మీద ఆయనకున్న గురి సొంత దుకాణం మీద కూడా ఎన్నడూ లేదు.

ఆ ఉదయం మెట్లెక్కి వచ్చినావిడ బేరమాడే మనిషి కాదని ఆయనకు చూడగానే తెలిసిపోయింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. చీర కొంగు గుప్పిట్లో నలిగిపోయి ఉంది.

“మా ఆయన్ని నిన్న పోలీసులు పట్టుకుపోయారమ్మా. కొత్త కాలనీలో మోటారు వేసేది ఆయనే. మంచినీళ్ళ ట్యాంకులో కిరసనాయిలు పోశాడంటున్నారు. ఆ నీళ్ళు పిల్లలు తాగుంటే ఏమయ్యేదని కాలనీ అంతా మా ఇంటి మీదికొచ్చారు.”

“పోశాడా?” డిటెక్టివ్ సూటిగా అడిగింది.

“దోమను కొట్టడానికి కూడా ఆలోచించే మనిషమ్మా ఆయన.”

“ఆలోచించి కొడతాడా, వదిలేస్తాడా?”

“ఆలోచించేలోపు అది ఎగిరిపోతుంది,” అని నవ్వబోయి ఏడ్చేసింది. “రేపు కోర్టులో పెడతారట. ఒక్కసారి జైలు గుమ్మం తొక్కితే మళ్ళీ ఏ గేటు తాళం ఆయన చేతికిస్తారు? ఇంకో పని రాదు ఆయనకి.”

కొత్త కాలనీ గొడవ ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఊరి చివర ఒక ఆసామి తన పొలాన్ని ముక్కలు చేసి అమ్మితే జనం ఇళ్ళు కట్టుకున్నారు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడ్డాయి. మున్సిపాలిటీ పైపు మాకూ వెయ్యండని వాళ్ళు ఏళ్ళ తరబడి తిరుగుతున్నారు. ప్రైవేటు గేటు లోపలికి ఊరి పైపు రాదని కౌన్సిలు అంటోంది. ఆ సంగతి తేల్చడానికి ఆ సాయంత్రమే ఓటింగు.

ఇద్దరూ కాలనీకి వెళ్ళారు. సిమెంటు ట్యాంకు నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది. పక్కనే ఇనప నిచ్చెన. పై మూతకు తాళం ఉన్న మాట నిజమే కానీ, తాళంచెవి మోటారు గది తలుపు వెనక మేకుకే వేలాడుతోంది. ఆ మేకు సంగతి తెలియనివాళ్ళు కాలనీలో లేరు.

ట్యాంకు పక్క ఇంటావిడ పలకరించకముందే అందుకుంది.

“మొన్న సాయంత్రం అతనితో పోట్లాడింది నేనే. ట్యాంకు పొర్లి మా గోడంతా తడిసింది. కేకలేశాను. ‘ఎక్కువైనా తిట్లే, తక్కువైనా తిట్లే, రేపటినుంచి మీరే వేసుకోండి మోటారు’ అని విసురుగా వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాటా పోలీసులకు పట్టుకొమ్మయింది.”

“ఆ తర్వాత మోటారు ఎవరైనా వేశారా?”

“ఎవరేస్తారు? మర్నాడు పొద్దున్నే మాస్టారొచ్చి తలుపు కొట్టారు, నీళ్ళు ముట్టుకోకండి, కిరసనాయిలు కలిసిందని. పాపం, ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. అప్పటికే నేను బిందెలన్నీ నింపేసుకున్నా.”

“వాసన వచ్చిందా?”

“నాకా? మొగుడు వీధి చివర సిగరెట్టు తాగొస్తే గుమ్మంలోనే పట్టుకుంటాను. ఏ వాసనా లేదు. అయినా మాస్టారి మాట కాదనలేక ఒలకబోశా. తాగడం మానేసినా బాత్రూములకు అందరూ అవే వాడారు. మధ్యాహ్నం గిన్నెలు కడుగుదామని తిప్పితే అప్పుడు కొట్టింది కంపు.”

మాస్టారు రిటైరైన లెక్కల టీచరు, కాలనీ సంఘం కార్యదర్శి. ఆయన ముందుగదిలో అర్జీల నకళ్ళు అటక దాకా పేర్చి ఉన్నాయి. లోపలి గదిలో ఆయన భార్య మంచం మీద ఉంది.

“కిడ్నీలు పాడయ్యాయి,” అన్నాడాయన మెల్లగా. “ఈ నీళ్ళు తాగొద్దని డాక్టరు మొత్తుకుంటాడు. మరి ఏం తాగాలో కౌన్సిలు చెప్పాలి.”

“కిరసనాయిలు సంగతి ముందు కనిపెట్టింది మీరేనట?”

“తెల్లారి మొహం కడుక్కుందామని కుళాయి తిప్పితే గుప్పుమంది. వెంటనే అందర్నీ లేపాను. మున్సిపాలిటీకి ఫోన్ చేసిందీ నేనే. వాళ్ళొచ్చి మూత తీస్తే నీళ్ళ మీద నూనె తెట్టు కట్టి ఉంది.”

“ఎవరి పని అంటారు?”

“పైపు వస్తే ఎవరి పొట్ట కొట్టినట్టవుతుందో వాళ్ళ పని.”

ఆ మాట కాలనీకి తాగేనీళ్ళు అమ్మే ట్యాంకరు ఓనరు గురించి. గేటు దగ్గర లారీ కడుగుతున్న అతను మాత్రం నిక్షేపంగా నవ్వాడు.

“ట్యాంకు నీళ్ళు పాడైతే నాకు వారం పండగ. ఆ వంకన పైపు పడితే జన్మంతా ఉపవాసం. వారం విందు కోసం జన్మంతా పస్తుండే వెర్రివాడిలా ఉన్నానా మేడమ్?”

షావుకారుకు ఆ లెక్క నచ్చింది. “నిజమే అమ్మాయ్. వ్యాపారం తెలిసినవాడు ఆ పని చెయ్యడు.”

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ బస్టాపుకు నడిచారు. అక్కడ ఆమె ఉన్నట్టుండి అడిగింది: “ట్యాంకు కట్టేటప్పుడు ఇళ్ళకి పోయే పైపు ఎక్కడ పెడతారు బాబాయ్?”

“అడుగునే కదమ్మా. పైన పెడితే కింద నీళ్ళు ఎవడు తోడతాడు?” అన్నవాడు అక్కడే ఆగిపోయాడు. అర్థమైంది. ఎందుకర్థమైందా అనిపించింది.

“అమ్మాయ్, నా మాట విను. ఓటింగు సాయంత్రమే. అదయ్యాక చెబుదాం. కాలనీకి పైపూ వస్తుంది, రేపు పొద్దున్న ఆ మనిషీ బయటికొస్తాడు. ఒక్క రాత్రి ఓపిక పడితే రెండు లాభాలు.”

“ఆ రాత్రి లాకప్‌లో కూర్చునేది ఎవరు?”

“అతనే అనుకో...”

“పెట్టుబడి అతనిది, బేరం మనదా బాబాయ్?”

ఆయన బస్సెక్కాడు.

సాయంత్రం కౌన్సిలు హాలు కిక్కిరిసింది. ఇన్‌స్పెక్టరు డిటెక్టివ్ మాట మన్నించి మోటారు మనిషిని కూడా తీసుకొచ్చాడు. అతని భార్య గోడకు ఆనుకుని నిలబడింది. పైపు వద్దనే కౌన్సిలరు బల్ల గుద్దుతున్నాడు. “సొంత స్థలం కొనుక్కున్నారు, సొంత నీళ్ళు తెచ్చుకోండి!”

మాస్టారు లేచాడు. “పన్ను మా దగ్గరా తీసుకుంటున్నారుగా! అది మాత్రం ప్రైవేటు గేటు దాటి ఎలా వస్తోందండీ?”

హాలంతా నవ్వింది, చైర్‌పర్సన్ కూడా. గాలి కాలనీ వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే డిటెక్టివ్ మాట్లాడేందుకు అనుమతి అడిగింది.

కౌన్సిలర్లు తాగే నీళ్ళకు గాజు జాడీ ఉంది, అడుగున కుళాయితో. ఆమె దాన్ని బల్ల మీదికి తెప్పించి, సీసాలోంచి కిరసనాయిలు పైన పోసింది. నూనె పైకి తేలి నిలిచింది. కాసేపాగి కుళాయి తిప్పి, గ్లాసు నింపి, పక్క ఇంటావిడ ముక్కు దగ్గర పెట్టింది.

“ఏమైనా వాసనొస్తోందా?”

“ఉహూఁ. వట్టి నీళ్ళు.”

“నీళ్ళు తరిగి, నూనె అడుగుకి దిగితే గాని వాసన రాదు. మొన్న సాయంత్రం ట్యాంకు పొర్లేంత నిండింది. గోడ తడిసిందని గొడవే జరిగింది. ఆ తర్వాత మోటారు వెయ్యలేదు. అందుకే పొద్దున్న ఈవిడ బిందెలకు వాసన లేదు, మధ్యాహ్నం గిన్నెలకు ఉంది. అటువంటప్పుడు నిండు ట్యాంకు మీద, తెల్లారగానే, ఒక్క కుళాయిలో మాత్రం ఎలా గుప్పుమంది? గుప్పుమనలేదు. లోపల ఏముందో ముందే తెలిసిన మనిషి, పిల్లలెవరూ తాగకూడదన్న భయంతో ఇల్లిల్లూ పరిగెత్తాడు.”

ఆమె పేరు పెట్టి చెప్పలేదు. చెప్పే అవసరమూ రాలేదు. మాస్టారు నిలబడే ఉన్నాడు, ఎలా కూర్చోవాలో మరిచిపోయినవాడిలా.

“అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయాను,” అన్నాడు. “ప్రమాదం జరిగితే తప్ప వీళ్ళు కదలరనిపించింది. మేకు మీద తాళంచెవి తీసింది నేనే. ట్యాంకరు వాళ్ళనే అనుమానిస్తారు, ఎటూ తేలదు అనుకున్నా. అతన్ని పట్టుకుపోతారనుకోలేదు.”

“పట్టుకుపోయాక?”

“ఓటింగు అయిపోగానే చెప్పేద్దామనుకున్నాను. ఒక్క రాత్రే కదా అని.”

షావుకారు తల దించుకున్నాడు. మధ్యాహ్నం బస్టాపులో తన నోటి నుంచి వచ్చిన మాటే అది.

మోటారు మనిషి మాస్టారి వైపు తిరిగాడు. “అడిగితే నేనే చెప్పేవాణ్ణి కదండీ, ఇలాంటి పని వద్దని,” అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు అతనికి తెలియదు.

“చూశారా! వీళ్ళకా మన పైపు?” అని కౌన్సిలరు మళ్ళీ బల్ల గుద్దాడు. చేతులు లేచాయి. కాలనీ ఓడిపోయింది. ఇన్‌స్పెక్టరు మాస్టారి భుజం మీద చెయ్యి వేసి, సంకెళ్ళు వెయ్యకుండానే బయటికి నడిపించాడు. కాలనీవాళ్ళలో ఒక ముసలాయన డిటెక్టివ్ ముందు ఆగి, “గొప్ప పని చేశావమ్మా,” అన్నాడు. అది మెప్పు కాదు.

హాలు మెట్ల మీద మొగుడూ పెళ్ళాం ముందు దిగుతున్నారు.

“తిన్నావా?”

“పెట్టారు.”

“ఏం పెట్టారో నీ మొహమే చెబుతోంది. నడువు.”

వెనక దిగుతూ షావుకారు అలవాటుకొద్దీ లెక్క వేసుకున్నాడు. పోయిన పద్దులో ఒక కాలనీ మంచినీళ్ళు, ఒక పెద్దమనిషి పరువు, మంచం మీదున్న ఆవిడకు గ్లాసందించే చెయ్యి. ట్యాంకరు వాడికి ఏ ఖర్చూ లేకుండా లాభం. ఎన్నిసార్లు కూడినా నష్టమే తేలింది. వచ్చిన పద్దులో రాయడానికి ఒక్కటే ఉంది. చెయ్యని తప్పుకు లోపల కూర్చోవలసిన మనిషి, పెళ్ళాం చేత తిట్లు తింటూ, వెలుతురుండగానే ఇంటికి నడిచి వెళ్తున్నాడు.