ఇద్దరు కూర్చునే మగ్గం

మణెమ్మ కూతురి సంచి సర్దడం ఆ పొద్దున అది మూడోసారి. రెండు చీరెలు, తువ్వాలు, గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు, పల్లికారం సీసా. అన్నిటికీ అడుగున పాత లంగా గుడ్డలో చుట్టిన గజ్జెలు. సంచి నిండినా ఏదో మరిచిపోయినట్టే ఉందామెకు. ఇంట్లో ఎవరు సంచి సర్దుకున్నా ఆమెకు అంతే.

"అన్నీ పెట్టిన. ఆ కార్డొక్కటి నువ్వే పెట్టుకో బిడ్డా."

సుగుణ గూట్లో చెయ్యి పెట్టింది. దువ్వెన దొరికింది, నూనె సీసా దొరికింది, కార్డు దొరకలేదు. చాప దులిపింది. పెట్టె బోర్లించింది. పక్క గదిలో తండ్రి చెన్నయ్య మగ్గం ఆడుతూనే ఉంది.

అది హైదరాబాదు శివార్లలోని ఒక పెద్ద బడి పంపిన ఇంటర్వ్యూ కార్డు. నృత్యం నేర్పే టీచరు కావాలట. రేపు పొద్దున పదింటికి రమ్మన్నారు. కార్డు లేనివాళ్లను లోపలికి రానివ్వమని దాని మీదే అచ్చు వేశారు. సుగుణ సర్కారు కళాశాలలో నాలుగేళ్లు నాట్యం నేర్చుకుని, పట్టా తీసుకుని గద్వాలకు వచ్చి ఏడాదయింది. పద్దెనిమిది దరఖాస్తులు పెడితే వచ్చిన ఒకే ఒక్క జవాబు ఆ కార్డు.

"అమ్మా, మొన్న గీడనే పెట్టిన. ఎవరు తీసిన్రు?"

మూలన కూర్చుని రెండు చేతులతో చాయ గ్లాసు పట్టుకున్న నాయినమ్మ లక్ష్మీదేవమ్మ తల ఎత్తకుండానే అంది.

"నేనే తీసిన. మొన్న సేటుకు ఇచ్చిన చీరె మడతల గట్టి అట్ట పెట్టాలె గద. గూట్లె కనపడ్డది, పెట్టిన."

"అది నా పేరు మీద వచ్చిన కార్డే నాయినమ్మా!"

"అట్టకు పేరుంటదని నాకేం తెలుసు? నేనేమన్న నీ తీరు పట్నంల సదివిన్నా?"

సుగుణకు ఏడుపు ముంచుకొచ్చింది. తెరిచిన పెట్టె ముందు కూలబడింది. అంతలో ముసలామె చేతిలో గ్లాసు వణికి చాయ ఒళ్లో ఒలికింది. సుగుణ ఆ చేతుల వంక చూస్తూ ఉండిపోయింది.

"నాయినమ్మా, నువ్వు చీరె మడత పెట్టక రెండేండ్లాయె. చేతులు వణికి మడత వంకర పోతదని నువ్వే మానుకుంటివి. మొన్న మడత పెట్టిందెవరు?"

లక్ష్మీదేవమ్మ గ్లాసు కింద పెట్టింది. పక్క గదిలో మగ్గం ఆగింది.

"నేనే," అన్నాడు చెన్నయ్య లోపలినుంచి.

మణెమ్మ గడపలోకి వెళ్లి నిలబడింది. "నువ్వా? ఏడో తరగతి దాక సదువుకుంటివి. సూసుకోలేదా?"

"సూసిన. సదివే పెట్టిన."

చెన్నయ్య గుంట మగ్గంలో నడుము దాకా దిగి ఉన్నాడు. మగ్గం మీద సగమైన పెళ్లి చీరె. గద్వాల చీరె ఒక్కరి చేతిలో కాదు. చీరె ఒళ్లంతా నూలు, అంచు పట్టు. నేసేవాడు పోగు చుట్టిన నాడె విసిరిన ప్రతిసారీ, పక్కన ఇంకో మనిషి కూర్చుని పట్టుపోగునూ నూలుపోగునూ ఒకదానిలో ఒకటి మెలిపెట్టి కలపాలి. కలపకపోతే అంచు విడిపోతుంది. మణెమ్మ కళ్లు మసకబారినప్పటి నుంచీ ఆ పక్క చోటు సుగుణదే.

"నువ్వు పోతే అంచు కలిపేదెవరు? నీ బదులు ఇంకో మనిషి కోసం జూసిన, దొరకలే. మీ అమ్మకు పోగు కనపడదాయె."

"ఉండమని అడిగితే ఉండకపోదునా నాయినా?"

"అడిగితే ఉంటవని తెలిసే అడగలే."

"దాచిపెట్టుడు మంచిగున్నదా మరి?" సుగుణ లేచి అరిచింది. "నన్ను కాలేజీకి బస్సెక్కించింది నువ్వే! బళ్లె నేను ఆడితే లేసి నిలబడి చప్పట్లు గొట్టింది నువ్వే! నాలుగేండ్లు నా కాళ్లు పగిలినయి. గిప్పుడు నా పేరు తీస్కపోయి చీరె మడతల పెడ్తవా?"

"అప్పుడు నౌకరొస్తదని చెప్పిన్రు, నమ్మిన. నువ్వు చేరిన నాడు మీ తరగతిల పద్నాలుగు మంది. వచ్చేనాటికి తొంభై మంది. జాగ లేక వరండల ఆడుతున్నరని నువ్వే చెప్తివి. వనపర్తిల డ్యాన్సు క్లాసు, కొల్లాపూర్ల డ్యాన్సు క్లాసు. నేర్చుకునేటోళ్లు గంత మంది. నౌకర్లు ఏడున్నయి బిడ్డా? నువ్వు పోయి ఉత్తచేతుల వస్తే నేను సూడలేననుకున్న."

మెడ వంచుకుని అన్నాడు.

"అదీ నిజం కాదు. ఈ గుంటల ఒక్కన్ని కూసుండలేక పెట్టిన."

సుగుణకు ఇంకా కోపంగానే ఉంది. కానీ తండ్రి ముఖం అలా ఎప్పుడూ చూడలేదు. చెన్నయ్య గుంటలోంచి పైకొచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి పోయాడు.

"తప్పు నీ మీద ఎందుకు ఏసుకున్నవత్తా?" అంది మణెమ్మ.

"నన్ను తిడితే రెండు దినాలల్ల మరుస్తది. తండ్రిని తిడితే మరువదు గద," అంది లక్ష్మీదేవమ్మ, ఒళ్లో చాయ తుడుచుకుంటూ.

గంటకు చెన్నయ్య తిరిగొచ్చాడు. సేటు దుకాణంలో హైదరాబాదుకు కట్టిపెట్టిన మూట విప్పించి, అందరి ముందూ తన చీరె మడత తీసి కార్డు తెచ్చాడు. నడుమ మడత గీత పడింది.

"చీరెకు గూడ నౌకరి జూస్తున్నవా చెన్నయ్యా అని గుమాస్తా నవ్విండు," అన్నాడు నవ్వబోతూ. నవ్వు రాలేదు. "మాఫ్ చెయ్యి బిడ్డా. పో. బస్సుకు టైమున్నది."

"చీరె?"

"చీరె యాడికి పోదు."

సంచి తానే మోసి బస్సెక్కించాడు. గడప దాటేముందు లక్ష్మీదేవమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని "పోయొస్త" అనేదాకా వదల్లేదు.

సుగుణ నాలుగో రోజు వచ్చింది. సంచి కింద పెట్టి, మంచినీళ్లు తాగి, మగ్గం పక్కన తన చోట్లో కూర్చుంది.

"ఎంత మంది వచ్చిన్రే?" మణెమ్మ అడిగింది.

"మూడు వందల అరవై మంది. నౌకరి ఒక్కటే. మాకు కాలేజీల నేర్పిన సారు గూడ వచ్చిండు. లైన్ల నా వెనకాలనే నిలబడ్డడు. నేను నమస్తే పెడితే తల పక్కకు తిప్పుకుండు."

కార్డు దాచినా దాచకపోయినా ఒకటే అయిందని అందరికీ అర్థమైంది. సుగుణ పట్టుపోగు అందుకుంది. చెన్నయ్య నాడె విసిరాడు. మధ్యాహ్నానికి జానెడు చీరె దిగింది. ఆ జానెడులో అంచు ఎప్పటికన్నా చక్కగా కలిసింది. అది చూసే చెన్నయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ పిల్ల ఏ పనైనా ఇంత శ్రద్ధగా చేస్తుంది. తాను ఈ గుంటలో ఉన్నన్నాళ్లూ ఆమె పక్కన కూర్చుంటూనే ఉంటుంది, ఒక్కసారి కూడా వద్దనదు.

చీరె ముగిశాక ఆయన కొత్త పడుగు తేలేదు. మగ్గం కర్రలు ఊడదీసి గోడకు ఆనించాడు. రెండు బండ్ల ఎర్రమట్టి తోలించి గుంట పూడ్చి, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టి చదును చేశాడు.

"ఏందయ్యా గిది? బతికేదెట్ల?" మణెమ్మ నెత్తి కొట్టుకుంది.

"బొంబాయి పక్కన భివండిల మనోళ్లు మస్తు మంది ఉన్నరు. ఆడ కరెంటు మగ్గం. ఒక్క మనిషి చాలు. పక్కన ఎవరూ కూసునే పన్లేదు." సుగుణ వైపు తిరిగాడు. "నేను గుంటల లేకపోతే నువ్వు కూసునే పని గూడ లేదు. గీ జాగ నీది. ఆడుకో. పిల్లలకు చెప్పుకో."

"వద్దు నాయినా. నేను కలుపుత గద. నువ్వుండు."

"కలుపుతవు. అందుకే పోతున్న."

అదే సంచి. ఈసారి చెన్నయ్య తానే సర్దుకున్నాడు. అడుగున ఉండిపోయిన గజ్జెలు తీసి కూతురి చేతిలో పెట్టాడు. సుగుణ వాటిని ఛాతీకి అదుముకుని ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి ఉంచాడే గానీ ఏడవద్దనలేదు. గడప దగ్గర లక్ష్మీదేవమ్మ అడగకముందే "పోయొస్తనే అమ్మా" అన్నాడు.

ఆ ఎర్రమట్టి నేల మీద దసరా నాటికి పదకొండు మంది పిల్లలు నాట్యానికి చేరారు. సంక్రాంతికి ఇరవై ఆరు. తర్వాత జాగ పట్టక సుగుణ రెండు జట్లు చేసింది. పిల్లల్ని దించడానికి వచ్చిన తల్లులు అడిగేవాళ్లు, "టీచరమ్మా, గిది నేర్చుకుంటే మా పిల్లకు నౌకరొస్తదా?" అని.

సుగుణ వంగి పిల్ల పాదం సరిచేసేది.

చెన్నయ్య 1995 ఆగస్టు 21, సోమవారం నాడు వెళ్లాడు. నెలనెలా ఉత్తరం రాసేవాడు. తిరిగి రాలేదు. 1997 ఫిబ్రవరిలో భివండిలో చనిపోయాడు.