వీరయ్య షుగర్ రిపోర్టు

శవం దవాఖాన వరండాలో స్ట్రెచర్ మీద ఉంది. వీరయ్య, ఎల్దుర్తి రైతు. పొద్దున స్పృహ తప్పితే ఇంటివాళ్లు ఆటోలో మెదక్ తీసుకొచ్చారు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

రిపోర్టులో షుగర్ 412 అని ఉంది. అది చూసి డాక్టర్ రత్నాకర్ ఇన్సులిన్ ఇచ్చాడు.

ఇన్సులిన్‌కు ముందే తీసి ల్యాబ్ ఫ్రిజ్‌లో ఉంచిన వీరయ్య రక్తాన్ని పోలీసులు బయట పరీక్ష చేయించారు. షుగర్ 38.

అంటే షుగర్ పడిపోయి సోయి తప్పిన మనిషికి, దాన్ని ఇంకా దించే మందు ఇచ్చారు.

మెదక్ టౌన్ ఎస్సై సుమనకు మొదట ఇది తేలిక కేసే అనిపించింది. ల్యాబ్‌లో పనిచేసేది ఒక్కతే, నిస్సి. చర్చి వెనక గల్లీలో తల్లితో ఉంటుంది. ట్యూబ్ మీద పేరు రాసింది ఆమె. మిషన్‌లో పెట్టింది ఆమె. రిపోర్టు ప్రింట్ తీసి డాక్టర్ చేతికి ఇచ్చింది కూడా ఆమే.

దవాఖాన ఓనరు కూడా అయిన రత్నాకర్ అదే మాట పట్టుకున్నాడు. పిల్ల పరధ్యానంగా ఉంటుందని, పోయిన వారం కూడా ఒక రిపోర్టు తప్పుగా ఇచ్చిందని చెప్పాడు.

"ఆ తప్పేంది?" అని నిస్సిని అడిగింది సుమన.

"మగాయన రిపోర్టు మీద ఆడమనిషి అని వచ్చింది మేడమ్. నేను టైపు కొట్టలే. మిషన్ నుంచి సీదా కంప్యూటర్‌లకు పోతది. గప్పుడే సార్‌కు చెప్పిన. పెన్నుతో దిద్ది ఇయ్యిమన్నడు."

"ఇంకెవరికన్న చెప్పినవా?"

"శ్రీకాంత్ సార్‌కు ఫోన్ చేసిన. చూస్తనన్నడు."

శ్రీకాంత్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ రాసినవాడు. హైదరాబాద్ నుంచి వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి సుమన కళ్లముందే చూపించాడు. మిషన్ పంపిన ప్రతి మెసేజూ కంప్యూటర్‌లో భద్రంగా ఉంటుంది. వీరయ్య మెసేజ్ తీశాడు. పేరు, వయసు, ఆడో మగో, షుగర్, కిడ్నీ పరీక్ష, అన్నీ వరసగా ఉన్నాయి. షుగర్ 38.

"మిషన్ సరిగ్గనే పంపింది. ఇప్పుడు మా సాఫ్ట్‌వేర్ ఎట్ల చదువుతదో చూడుండ్రి."

మెసేజ్ మళ్లీ నడిపాడు. రిపోర్టులో 38. మళ్లీ నడిపాడు. 38. సుమన కూర్చున్నంత సేపూ నడిపాడు. ఒక్కసారీ తప్పలేదు.

"సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే ప్రతిసారీ చెయ్యాలె మేడమ్. రిపోర్టు మార్చనీకి పాస్‌వర్డ్ ఉన్నది నిస్సి దగ్గర. చేత్తోని మార్చినట్టుంది."

నిస్సి ఏడవలేదు. నేను మార్చలే అని ఒకటే మాట చెప్పి ఊరుకుంది.

సుమనకు చిరాకు ముంచుకొచ్చింది. మిషన్ సరే. సాఫ్ట్‌వేర్ సరే. డాక్టర్ రిపోర్టు ప్రకారమే మందిచ్చాడు, ఆయనా సరే. అందరూ సరే, మనిషి మాత్రం చచ్చిపోయాడు. స్టేషన్‌కు వెళ్తే సీఐ ఫోన్ మీద ఫోన్. ఆ పిల్లను రిమాండ్‌కు పంపి కేసు తేల్చమని ఆయన పట్టు. వీరయ్య బంధువులు స్టేషన్ గేటు దగ్గర బైఠాయించారు.

మార్చిందే అనుకుందాం. ఎందుకు మార్చింది? వీరయ్య ఎవరో కూడా ఆమెకు తెలియదు. పైగా 412 అనే అంకె ఎక్కడినుంచి వచ్చింది?

ఆ ప్రశ్న పట్టుకుని సుమన మళ్లీ ల్యాబ్‌కు పోయింది. ఆ రోజు రిపోర్టులన్నీ ముందేసుకుంది. 412 ఇంకొకచోట కనిపించింది. ఐలవ్వ, అల్లాదుర్గ్ నుంచి వచ్చిన ముసలామె. ఆమె షుగర్ నిజంగానే 412.

ట్యూబులు తారుమారయ్యాయా? సుమన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. వీరయ్య రిపోర్టులో షుగర్ ఐలవ్వది. కిందనే ఉన్న కిడ్నీ అంకె మాత్రం వీరయ్యదే, శ్రీకాంత్ చూపిన మెసేజ్‌లో ఉన్నదే.

"ఈ రెండు పరీక్షలు ఒక్క ట్యూబ్‌లనే చేస్తరా?" అని అడిగింది.

ఒకే ట్యూబ్, ఒకేసారి అని నిస్సి చెప్పింది.

ట్యూబ్ మారితే రెండు అంకెలూ మారాలి. ఒకటి మారి ఒకటి మారకపోవడం ట్యూబుల వల్ల కాదు. రిపోర్టుల మీద ప్రింటైన సమయం చూసింది. ఇద్దరివీ ఒకే నిమిషంలో వచ్చాయి.

"ఒక్క మిషన్ ఒకేసారి ఇద్దరిది ఎట్ల చేస్తది?"

"రెండు మిషన్లు మేడమ్. రెండోది పోయిన నెల తెచ్చిండ్రు. ఐలవ్వది దాంట్ల పెట్టిన."

"ఆడమనిషి అని వచ్చిన రిపోర్టు, రెండో మిషన్ వచ్చినంకనా, ముందా?"

"వచ్చినంకనే."

సుమన శ్రీకాంత్‌ను, రత్నాకర్‌ను ల్యాబ్‌కే పిలిపించింది. నిస్సి గోడ పక్కన నిలబడింది. వీరయ్య మెసేజ్, ఐలవ్వ మెసేజ్ రెండూ ఒక్కసారే పంపమని శ్రీకాంత్‌కు చెప్పింది.

పంపాడు. రెండు రిపోర్టులూ సరిగ్గా వచ్చాయి. మళ్లీ పంపాడు. సరిగ్గానే వచ్చాయి. రత్నాకర్ ఓపీలో పేషెంట్లు ఉన్నారని లేవబోయాడు. సుమన కూర్చోమంది. సీఐ ఫోన్ మోగుతుంటే ఎత్తలేదు. ఆపకుండా పంపమంది. టీలు వచ్చి చల్లారిపోయాయి. తను పొరబడ్డానేమోనని ఆమెకే లోపల పీకుతోంది.

అప్పుడు శ్రీకాంత్ వేళ్లు ఆగిపోయాయి.

స్క్రీన్ మీద వీరయ్య పేరు. షుగర్ 412. కిడ్నీ అంకె వీరయ్యదే.

నిస్సి ఒక్కడుగు ముందుకు వచ్చి స్క్రీన్ చూసి, మళ్లీ గోడ దగ్గరకు పోయింది.

"చెప్పు" అంది సుమన.

శ్రీకాంత్ గొంతు తగ్గించి చెప్పాడు. మెసేజ్‌ను ముక్కముక్కగా చదివి అంకెలు విడదీసే భాగాన్ని పార్సర్ అంటారు. చదివిన ముక్కను అది కాసేపు తన దగ్గర పెట్టుకుంటుంది. ఒక్క మిషన్ ఉన్నప్పుడు రాసిన ప్రోగ్రాం అది. రెండో మిషన్ వచ్చాక దానికి ఇంకో థ్రెడ్ పెట్టాడు, అంటే రెండు పనులు ఒకేసారి నడుస్తాయి. పార్సర్‌ను మాత్రం ఒక్కదాన్నే రెండింటికీ ఇచ్చాడు. వీరయ్య షుగర్ చదివి రిపోర్టులో వేసేలోపు, అదే చోట ఐలవ్వ షుగర్ వచ్చి కూర్చుంది. రెండూ సరిగ్గా ఆ క్షణంలో తగిలితేనే తప్పు. లేకపోతే అంతా బాగానే ఉంటుంది.

"దేని పార్సర్ దానికి ఇస్తే అయిపోతుండె" అన్నాడు చివరికి.

"నాకు చూపించినప్పుడు ఎన్ని మెసేజ్‌లు నడిపినవు?"

"ఒక్కటే."

"నిస్సి ఫోన్ చేసినప్పుడు?"

"అప్పుడు గూడ ఒక్కటే. సరిగ్గ వచ్చింది. బంద్ చేసిన."

సుమన రత్నాకర్ వైపు తిరిగింది. మగాయన రిపోర్టు మీద ఆడమనిషి అని వచ్చిన రోజు పెన్నుతో దిద్దమన్నది ఆయనే. ఆ రోజు ఒక మిషన్ ఆపి ఉంటే వీరయ్య ఇంటికి పోయేవాడు. నిర్లక్ష్యం కేసులో ముందు ఆయన పేరు, తర్వాత శ్రీకాంత్ పేరు ఉంటాయని చెప్పింది. అలాంటి కేసులో పడే శిక్ష ఎంత తక్కువో ఆమెకు తెలుసు.

"రెండో మిషన్ వచ్చినకాడికెల్లి ఎంతమంది రిపోర్టులు పోయినయి?" అని అడిగింది.

అందర్నీ పిలిస్తే దవాఖాన మూసుకోవాల్సిందే అని రత్నాకర్ గొణిగాడు.

సుమన వంగి రెండో మిషన్ ప్లగ్ పీకింది.

నిస్సి అప్పటికే టేబుల్ మీది ఫోన్ అందుకుంది. ఎవరూ చెప్పకుండానే పేషెంట్ల రిజిస్టర్ తెరిచి మొదటి నంబరు కొట్టింది. అటువైపు ఎవరో ఎత్తారు.

"మెదక్ ల్యాబ్ నుంచి మాట్లాడుతున్న అవ్వా. మీ రక్తం ఇంకోసారి చూడాలె. అప్పటిదాంక ఆ రిపోర్టు నమ్మకుండ్రి. జల్ది రాండ్రి."