అంచులో కుట్టిన బిళ్ళ

“రైలు దిగగానే నన్నే పట్టేసుకుంటే? అప్పుడు వాడి గతేంటి?”

పైకే అనేసింది. ఎదురు సీటులో పేపరు చదువుతున్న పెద్దాయన తలెత్తి చూశాడు. ఆయనకు ఈ భాష రాదు. అయినా నాలుక కరుచుకుంది.

రైలు ఆగింది.

బయట మసక చీకటి. పరాయి దేశం. ముక్కూమొహం తెలియని స్టేషన్.

కోటు లోపలి జేబులో రెండు పాస్‌పోర్టులున్నాయి. ఒకటి ఆమెది. రెండోది పెద్దకొడుకుది... అడక్కుండా వాడి బీరువాలోంచి తీసుకొచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఒకే అచ్చు. అన్న పేరు చెప్పుకుని తమ్ముడు ఈ రాత్రి ఇంకో సరిహద్దు దాటాలి. వంతెన అవతలి దేశం, పారిపోయి వచ్చినవాళ్ళను వెనక్కి అప్పగించదు.

దాటితే బతికిపోతాడు.

దాటకపోతే... జైల్లోనే ముసలివాడవుతాడు.

చేతిసంచి గుండెలకు అదుముకుని ప్లాట్‌ఫారం మీదికి దిగింది. నాలుగడుగులు వేసింది.

అప్పుడు చూసింది.

బూడిదరంగు కోటు!

పొద్దున తన ఊరి స్టేషన్‌లో టీ తాగుతూ నిలబడ్డ కోటు. అదే. అనుమానం లేదు. జీవితమంతా కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి ఆమె. మొహాలు మర్చిపోతుంది గానీ బట్టలు మర్చిపోదు. ఆ కోటుకి ఎడమ చంక కింద కుట్టు విప్పి వదులు చేశారు. అక్కడ తుపాకీ పెట్టుకునేవాళ్ళే అలా చేయించుకుంటారు.

పోలీసు.

గుండె గుభేలుమంది. కాళ్ళు మాత్రం ఆగలేదు.

ఆమె నడుస్తోంది. కోటు నడుస్తోంది.

ఆమె ఆగింది. కోటు ఆగింది. గోడ మీద రైళ్ళ వేళలు చదువుతోంది.

ఆమె పరుగెత్తింది!

మెట్లు. జనం. ఎవరి పెట్టో కాలికి తగిలింది. మోకాలు కలుక్కుమంది. కీళ్ళ డాక్టరు పరుగులు మానమన్నాడని ఇప్పుడా గుర్తుకు రావడం? ఎడమ పక్కన ఆడవాళ్ళ టాయిలెట్ కనిపించింది. దూరింది. గడియ పెట్టుకుంది.

ఊపిరి అందడం లేదు. వాడికిక్కడే ఏమైనా అయిపోతుందా? ఎదురుచూసి చూసి వెళ్ళిపోతాడా? ఈసరికే పట్టుకుపోయారా?

చేతులు వాటంతటవే పని మొదలుపెట్టాయి. కోటు విప్పింది. తిరగేసింది. పైన నలుపు, లోపల ఇటుకరంగు. చలి దేశాల్లో పనికొస్తుందని రెండు వైపులా తొడుక్కునేలా తనే కుట్టుకుంది. జుట్టు విప్పి రుమాలు కట్టుకుంది. బయట ఒకావిడ పసిపిల్ల బండితో, ఏడుస్తున్న పిల్లతో, జారిపోతున్న సంచితో సతమతమవుతోంది. తను నవ్వి, ఆ సంచి అందుకుంది. ఇద్దరూ కలిసి బయటికి నడిచారు.

బూడిదరంగు కోటు గుమ్మం ఎదురుగానే ఉంది. చెయ్యి చాస్తే తగులుతుంది.

అతని కళ్ళు నల్లకోటు కోసం వెతుకుతున్నాయి.

దాటేసింది!

వీధిలోకి వచ్చాక సంచి తిరిగి ఇచ్చేసి గోడకు ఆనుకుంది. ఒళ్ళంతా చెమట. తన తెలివికి తనకే ఆశ్చర్యం వేసింది.

ఈ తెలివి అప్పుడేమయింది?

ఎదురుగా వాడు రమ్మన్న బస్టాప్. దాని అద్దం మీద పోస్టరు. ఆ పిల్లే. ఏ దేశం పోయినా ఆ పిల్లే. పాడుతూ, చేతులు చాపి, నేల మీద జీరాడే నీలిరంగు గౌనులో. ఆ గౌను కుట్టింది తనే. ఇంత పేరున్న గాయని, కొలతలకు కూర్చున్నప్పుడు మాత్రం ఆంటీ, ఆంటీ అంటూ చిన్నపిల్లలా కబుర్లు చెప్పేది.

స్టేజి మీద గాలికి గౌను లేవకుండా అంచు లోపల సీసపు బిళ్ళలు పెట్టి కుట్టాలి. ఆ బరువు ఆమె వేళ్ళకు తెలుసు. ఒకరోజు ఉతికి వచ్చిన గౌను పట్టుకుంటే ఒక బిళ్ళ తేలిగ్గా తగిలింది. కుట్టు విప్పింది. సీసం కాదు. ప్లాస్టిక్. లోపల చీమ తలకాయంత దీపం వెలిగి ఆరుతోంది.

బట్టలు తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేది చిన్నవాడే. పిలిచి అడిగింది. డ్రెస్సులు ఎక్కడైనా పోతే తెలుస్తుందని పెట్టానన్నాడు. నీ మంచికేనమ్మా అన్నాడు.

అబద్ధమని తెలుసు. వాడి గది గోడల నిండా ఆ పిల్ల ఫోటోలున్నాయని తెలుసు. ఎవరో వెంటపడుతున్నారని ఆ పిల్ల భయపడి ఇల్లు మారుతోందనీ తెలుసు.

అయినా సూదిలో దారం ఎక్కించింది.

బిళ్ళను ఎక్కడిదక్కడే పెట్టి కుట్టేసింది.

బయటికి పొక్కితే వాడి బతుకేమవుతుంది? అదే భయం. వాడికి జ్వరం వస్తే భయం. వాడు బండెక్కితే భయం. వాడికేమవుతుందోనని వాడు పుట్టిన దగ్గర్నుంచీ భయపడుతూనే ఉంది. ఆ పిల్లకేమవుతుందోనని మాత్రం... ఒక్కసారైనా భయపడలేదు.

గౌను కొత్త ఇంటికి వెళ్ళింది. గౌను వెనకాలే వాడూ వెళ్ళాడు.

గుమ్మంలో ఆ పిల్ల డ్రైవర్ అడ్డుపడ్డాడు. మిషను బరువని దాన్ని తన చేత్తో కారులో పెట్టే మనిషి. నోరారా అక్కా అని పిలిచేవాడు. చిన్నవాడి చేతిలో కత్తెర ఉంది. ఆమె కత్తెర.

గాయని బాత్‌రూమ్ తలుపేసుకుని బతికింది. డ్రైవర్ బతకలేదు.

“అమ్మా.”

ఉలిక్కిపడింది. పోస్టరు పక్క నీడలోంచి గడ్డం మనిషి బయటికొచ్చాడు. చెంపలు లోపలికి పోయాయి. కళ్ళు మాత్రం వాడివే.

ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులతో మొహం తడిమింది. తిన్నావా, పడుకున్నావా, ఈ దగ్గేంటి, మందులు వేసుకుంటున్నావా... గుక్క తిప్పుకోకుండా అడిగేసింది. వాడు పాస్‌పోర్టు లాక్కుని తెరిచి చూశాడు.

“అన్నయ్యలా ఉండాలంటే మొహం ఆముదం తాగినట్టు పెట్టాలేమో.”

నవ్వొచ్చింది ఆమెకి. నవ్వినందుకు సిగ్గేసింది.

ఆకుపచ్చ బస్సు వచ్చింది. ఎక్కారు. వెనక నుంచి రెండో వరుస. వాడు కిటికీ పక్కన, ఆమె ఇవతల.

బస్సు కదిలింది. ఊరు దాటితే నది, నది మీద వంతెన.

ఫోన్ మోగింది!

ఆ నంబరు చూడగానే పై ప్రాణాలు పైనే పోయాయి. ఆడ ఇన్‌స్పెక్టర్. వారాల తరబడి ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగిన మనిషి. నీలి గౌను బల్ల మీద పరిచి, ఈ కుట్టు మీదేనా అని అడిగింది. ఈమె ఔనంది. లోపల ఏముందో తెలియదంది. వాడెక్కడ అంటే మాత్రం నోరు విప్పలేదు. తిట్టలేదు, కొట్టలేదు ఆవిడ. చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఈమె బల్ల మీది గౌనునే చూస్తూ కూర్చుంది.

కట్ చేసింది.

“ఎవరు?”

“పిన్ని.”

వాడు పట్టించుకోలేదు. ఎప్పుడూ లేనంత హుషారుగా ఉన్నాడు. తన ఫోన్ తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. తెర మీద ఒక బాల్కనీ. ఒకమ్మాయి బట్టలు ఆరేస్తోంది. జుట్టు కత్తిరించుకుంది. చిక్కిపోయింది.

ఆ పిల్ల!

“ఎక్కడిదిరా ఇది?”

తెలిసినవాడొకడు తీసి పంపాడన్నాడు. కొత్త ఇల్లట. ఎవరికీ తెలియదట. తనకి తప్ప.

ఆమె వాడి చెయ్యి పట్టుకుంది.

“ఇంక ఆ పిల్ల జోలికి వెళ్ళవు కదా నాన్నా?”

“నేను వెళ్ళడం ఏంటమ్మా? తనే వస్తోంది.”

వంతెన అవతలి దేశంలో పాట కచేరీ ఉందట. ఆ పిల్ల మళ్ళీ స్టేజి ఎక్కబోతోందట. నాకోసమే అక్కడ పెట్టుకుందన్నాడు. చెబుతుంటే వాడి మొహం వెలిగిపోతోంది. చిన్నప్పుడు బడిలో బహుమతి వచ్చినరోజు కూడా అలాగే వెలిగింది.

“నువ్వెళ్ళి పని అడుగు. నీ కుట్టంటే తనకి ప్రాణం. వద్దనదు. అంచుల్లో బిళ్ళలు నేను చూసుకుంటాను.”

ఆమె పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

“మావయ్య అడ్డం రాకపోతే అప్పుడే సరిపోయేది” అన్నాడు వాడు. రైలు తప్పిపోయిందని చెప్పినంత మామూలుగా.

మావయ్య. తనను అక్కా అన్న పాపానికి ఆ డ్రైవర్ వీడికి మావయ్య అయ్యాడు.

బస్సు మలుపు తిరిగింది. దూరంగా నది మీద దీపాల వరస. వంతెన!

ఫోన్ మళ్ళీ మోగింది.

ఈసారి ఎత్తింది. చెవికి గట్టిగా అదుముకుంది.

మావాడి కళ్ళుగప్పి బాగానే వెళ్ళారని ఇన్‌స్పెక్టర్ అంది. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. ఈ దేశపు పోలీసులు తన మాట కోసం వాహనాలతో సిద్ధంగా ఉన్నారంది. వంతెన దాటిపోతే మాత్రం వాణ్ణి ఎవ్వరూ ముట్టుకోలేరంది. తర్వాత ఒక్క మాటే అడిగింది.

“వాడెక్కడున్నాడమ్మా?”

ఆమె బస్సు ముందు అద్దంలోంచి చూసింది.

దీపాలు దగ్గరవుతున్నాయి.

లైన్లో ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. పెట్టెయ్యలేదు. ఎదురుచూస్తోంది.

“పిన్నికి చెప్పు, బాగానే ఉన్నామని” అన్నాడు వాడు. ఆవలించాడు. ఆమె భుజం మీద తల వాల్చాడు. జుట్టు మాసిపోయి వాసన వస్తోంది. ఒళ్ళు కాస్త వెచ్చగా తగిలింది. జ్వరమేమో... చెయ్యి దానంతటదే వాడి నుదుటి మీదికి వెళ్ళింది.

జైల్లో జ్వరమొస్తే ఎవరు చూస్తారు? దగ్గొస్తే ఎవరు లేస్తారు?

బాల్కనీలో ఆ పిల్ల బట్టలు ఆరేసుకుంటోంది. ఆ పిల్ల కోసం ఎవరు లేస్తారు?

“అమ్మా...” అంది ఇన్‌స్పెక్టర్. అంతే. మళ్ళీ అడగలేదు.

దీపాలు. ఇనుప కమానులు. బస్సు వేగం పెంచింది.

ఆమె వాడి నుదుటి మీంచి చెయ్యి తియ్యలేదు.

“ఆకుపచ్చ బస్సు” అంది. “వంతెన ఇంకా ఎక్కలేదు. వెనక నుంచి రెండో వరుస, కిటికీ పక్కన... నిద్రపోతున్నాడు. కాస్త త్వరగా రండి మేడమ్.”