ఐసు ఫ్యాక్టరీ దగ్గర దిగండి

“ఏదీ, మళ్ళీ ఒకసారి చెప్పు నాయనమ్మా. ఆటో అతనికి ఎక్కడికని చెబుతావు?”

ఫోన్‌లో బస్సు హోరు. ఆ హోరులోంచి వీరమ్మ గొంతు వినిపించింది.

“హరితా జంక్షను. అంతేగా?”

“అంతే. ఐసు ఫ్యాక్టరీ అని మాత్రం అనకు.”

“అననులేవే తల్లీ. ఇప్పుడే ఉయ్యూరు దాటాం. పంచదార ఫ్యాక్టరీ వాసన తగిలింది. ఈ ఫోను పక్క సీటు అమ్మాయిది, ఇచ్చెయ్యాలి. ఉంటా మరి.”

సుస్మిత ఫోన్ తీసుకెళ్ళి అమ్మకిచ్చేసి, హమ్మయ్య అనుకుంది. అప్పుడు టైము పదయింది.

వీరమ్మ బందరు అవతల సముద్రం ఒడ్డున ఉంటుంది. ఆవిడకు సొంత ఫోను లేదు. మంచి పండుగప్ప చేప దొరికిందంటే చాలు, థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి, తాడు బిగించి కట్టి, పొద్దున్నే బస్సెక్కేస్తుంది. ఉయ్యూరు దాటగానే పక్కవాళ్ళను ఫోన్ అడిగి కొడుకు ఇంటికి కబురు చెబుతుంది. ఇంకో గంటకల్లా గుమ్మంలో ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా ఇదే వరస.

ఈసారి ఒక్కటే తేడా. వంతెన పనులు జరుగుతున్నాయని బస్సుల దారి మార్చారు. అవి సుస్మిత వాళ్ళ సెంటర్ దాకా రావడం లేదు. పటమటలో దిగి ఆటో ఎక్కాలి.

ఇంతకీ ఆ సెంటర్ గురించి చెప్పాలి. ఊరంతా దాన్ని ఐసు ఫ్యాక్టరీ సెంటర్ అంటుంది. అక్కడ ఐసు ఫ్యాక్టరీ లేదు. సుస్మిత పుట్టకముందే పడగొట్టేశారు. ఇప్పుడక్కడ అయిదంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. దాని కింద ఒక మందుల షాపు, పక్కనే సెల్‌ఫోన్ల షాపు. ఫ్యాక్టరీ పోయింది గానీ పేరు పోలేదు. పేర్లంతే, మనుషుల నోళ్ళలో ఒకసారి మకాం పెడితే ఖాళీ చేయమన్నా చేయవు.

ఆ పేరు వింటే సుస్మితకు ఒళ్ళు మంట. దానికో కారణముంది. ఆరో తరగతికి కొత్త స్కూల్లో చేరినప్పుడు టీచర్ అందరినీ లేచి అడ్రస్ చెప్పమన్నారు. సుస్మిత ‘ఐసు ఫ్యాక్టరీ సెంటర్’ అనగానే క్లాసంతా ఒకటే నవ్వు. “అయితే మీ ఇంట్లో ఫ్యాన్ అక్కర్లేదేమో!” అంది పక్క బెంచీ బ్లెస్సీ. ఇంకేముంది, నెల రోజుల పాటు ‘ఐసు సుస్మిత’ అని పిలిచారు. తర్వాత్తర్వాత బ్లెస్సీ మంచి స్నేహితురాలైపోయింది. కానీ ఆ నవ్వు మాత్రం సుస్మిత చెవుల్లోంచి పోలేదు.

పది రోజుల కిందట సెంటర్‌లో పెద్ద పచ్చ బోర్డు పెట్టారు. మీద తెల్లటి అక్షరాలు, ‘హరిత జంక్షన్’. దాని కింద వన్‌వే బాణం. సుస్మిత ఆ బోర్డు చూసి ఎగిరి గంతేసింది. ఆ సాయంత్రమే ఇంట్లో ఆర్డర్ వేసింది. ఇక మీదట ఎవరూ పాత పేరు అనకూడదు!

“చిత్తం కలెక్టరుగారూ,” అని నవ్వాడు వాళ్ళ నాన్న కాశీరావు.

ఈ ఆదివారం బ్లెస్సీ మొదటిసారి సుస్మిత వాళ్ళింటికి భోజనానికి వస్తోంది. చర్చి అయ్యాక వాళ్ళ నాన్న ఫిలిప్ గారు కార్లో తీసుకొస్తారు. సరిగ్గా అప్పుడే నాయనమ్మ ‘ఐసు ఫ్యాక్టరీ’ అంటూ మొదలుపెడితే తన పరువేం కావాలి? అందుకే సుస్మిత ఫోన్‌లో అంత గట్టిగా చెప్పింది. బ్లెస్సీ వాళ్ళకు కూడా కొత్త పేరే అడ్రస్‌గా ఇచ్చింది.

పదకొండయింది. వీరమ్మ రాలేదు.

పదకొండున్నర అయింది. రాలేదు.

సుస్మిత వాళ్ళమ్మ గంగాదేవి మసాలా నూరడం ఆపి వీధిలోకి చూసింది. కింద రోడ్డంతా హారన్లే. కొత్త వన్‌వే తెలియక ఎదురొచ్చిన కారు ఒకటి మధ్యలో ఇరుక్కుపోయింది. దాని వెనక ఆటోలు, వాటి వెనక బైకులు.

“పటమట నుంచి ఇంతసేపా? ఆవిడ చేతిలో బరువు కూడా ఉంది,” అంది గంగాదేవి. కాశీరావుకు ఫోన్ చేసింది. ఆదివారం పూట చేపల మార్కెట్‌లో కొట్టు మీదున్న మనిషి ఫోన్ ఎక్కడ ఎత్తుతాడు?

“అమ్మా, నేను మరియదాసు బాబాయ్‌ని తీసుకెళ్ళి చూసొస్తా. నువ్వు ఇంట్లోనే ఉండు, నాయనమ్మ ఈలోగా వస్తే?” అంటూ సుస్మిత మెట్లు దిగి పరిగెత్తింది.

మరియదాసు ఇల్లు కింద వీధిలోనే. సుస్మితను రోజూ స్కూలుకు తీసుకెళ్ళేది ఆయన ఆటోయే. గుణదల చర్చిలో ఆదివారం పూజ చూసుకుని అప్పుడే ఇంటికొచ్చి, ఆటో అద్దం తుడుచుకుంటున్నాడు.

“బాబాయ్, మా నాయనమ్మ పటమటలో దిగి గంటవుతోంది. ఇంకా ఇంటికి రాలేదు.”

“కంగారు పడకు. ఆటో అతన్ని ఎక్కడికని అడగమన్నారు?”

“హరిత జంక్షన్‌కి.”

మరియదాసు తుడవడం ఆపాడు. “అదెక్కడుందమ్మా?”

సుస్మిత తెల్లబోయింది. “మన సెంటరే బాబాయ్! బోర్డు పెట్టారుగా!”

“ఓ, అదా! బోర్డు చూశాను గానీ చదివిందెవరమ్మా? ఇరవై ఏళ్ళ నుంచి ఇక్కడే తోలుతున్నా. నాకే తెలీకపోతే పటమట స్టాండు వాళ్ళకేం తెలుస్తుంది?” అని నవ్వేశాడు. “ఏం ఫర్వాలేదులే. పెద్దావిడ ఐసు ఫ్యాక్టరీ అనే అడుగుద్ది. ఎవరైనా తీసుకొచ్చేస్తారు.”

సుస్మిత ఆటో కమ్మీ పట్టుకుంది.

“అడగదు బాబాయ్.”

“అదేం?”

“నేనే అనొద్దన్నాను.”

మరియదాసు చేతిలో గుడ్డ పడేసి ఆటో స్టార్ట్ చేశాడు. “ఎక్కు,” అన్నాడు.

మామూలుగా అయితే పది నిమిషాల దారి. ఆ రోజు అడుగడుక్కీ ఆగాల్సి వచ్చింది. ఒక చోట రోడ్డు మూసేశారు. ఇంకో చోట బాణం అటు చూపిస్తుంటే జనం ఇటు వస్తున్నారు. సుస్మిత ఆటోలోంచి తల బయటికి పెట్టి, కనిపించిన ప్రతి తెల్లజుట్టు వంకా చూసింది. నాయనమ్మ రోడ్డు దాటబోయి పడిపోయిందేమో. ఎవరో మరెక్కడికో తీసుకెళ్ళిపోయారేమో. ఏడుపు తన్నుకొస్తుంటే పెదవి కొరుక్కుంది.

“అదుగో!” అన్నాడు మరియదాసు.

మూసి ఉన్న షాపు ముందు, జానెడు నీడలో వీరమ్మ నిలబడి ఉంది. పెట్టెకు ఎండ తగలకుండా కొంగు కప్పింది. పెట్టె మూలనుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. ఎదురుగా ఒక ఆటో అతను తెలీదన్నట్టు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతున్నాడు.

“నాయనమ్మా!”

“వచ్చావా తల్లీ!” వీరమ్మ ముఖం విప్పారింది. “ఎంతమందిని అడిగానో! హరితా జంక్షనంటే ఒక్కడికీ తెలీదే! ఒకతను ఫోన్లో చూసి, ‘అది హైదరాబాదులో ఉందంట మామ్మగారూ, ఎక్కండి పోదాం’ అన్నాడు. నాకు నవ్వాగలా. ఫోన్ చేద్దామంటే నంబరు చీటీ ఐసు నీళ్ళకి తడిసి చెరిగిపోయింది.”

“ఐసు ఫ్యాక్టరీ అనుంటే సరిపోయేదిగా నాయనమ్మా! ఎప్పుడో వచ్చేసేదానివి!”

“నువ్వు వద్దన్నావుగా.” వీరమ్మ మనవరాలి జుట్టు సవరించింది. “నీ స్నేహితురాలు వచ్చే రోజాయె. పిల్లదానికి తలవంపులు ఎందుకని, ఆ మాట నోటి దాకా వచ్చినా మింగేశా.”

ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. కోప్పడినా బాగుండేదని సుస్మితకు అనిపించింది. నాయనమ్మ నడుం చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. కొంగంతా చేపల వాసన, ఐసు తడి.

తిరుగు దారిలో ఆటో మళ్ళీ ట్రాఫిక్‌లో ఆగిపోయింది. వీరమ్మ పెట్టె మూత కొద్దిగా ఎత్తి చూసింది. “సగం ఉందిలే ఐసు. చేపకేం కాదు,” అని తేలిగ్గా ఊపిరి తీసుకుంది.

“నాయనమ్మా, నువ్వు ఐసు ఫ్యాక్టరీని చూశావా?” అని మెల్లగా అడిగింది సుస్మిత.

“చూడటమేంటే! నా వయసంతా దాని గుమ్మం ముందే గడిచిపోయింది. చేపల బుట్టలతో ఊళ్ళోకొచ్చే ఆడవాళ్ళం పది మందిమి అక్కడే దిగేవాళ్ళం. పెద్ద దిమ్మల్ని ఊకలోంచి లాగి, సుత్తితో పగలగొట్టి బుట్టల్లో పోసేవాళ్ళు. వేసవిలో ఆ గేటు ముందు నిలబడితే కాళ్ళకి చల్లగాలి కొట్టేది. ఆ చల్లదనం మళ్ళీ ఎక్కడా దొరకలేదే అమ్మడూ.”

మరియదాసు వెనక్కి తిరిగాడు. “నిజమేనండి. మా చిన్నప్పుడు స్కూలు నుంచి వస్తా, రాలిపడిన ముక్కలు ఏరుకునేవాళ్ళం.”

“మీ నాన్నకప్పుడు నాలుగేళ్ళు,” వీరమ్మ చెబుతూనే ఉంది. “నా వెంట వచ్చేవాడు. గేటు పక్కన అరుగు మీద కూర్చోబెట్టి, చేతిలో ఐసుముక్క పెట్టేదాన్ని. అది కరిగేలోపు నేను చుట్టుపక్కల నాలుగు వీధుల్లో చేపలమ్ముకుని రావాలి. కరిగేదాకా వాడు కదలకూడదు. అదీ మా ఒప్పందం.”

“ఎప్పుడూ ఆలస్యం కాలేదా?”

“ఒకసారి అయింది. పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ముక్కంతా కరిగిపోయింది. ఖాళీ అరచెయ్యి అట్టాగే చాపుకుని కూర్చునున్నాడు. ఏడవలా, లేవలా. నేనొస్తానని వాడికంత నమ్మకం.” వీరమ్మ కళ్ళు తుడుచుకుంది. “పెళ్ళయ్యాక వాడు ఈ ఊళ్ళో అద్దె ఇల్లు వెతుకుతుంటే, దూరంగా వెళ్తే చవగ్గా దొరుకుద్దని అందరూ చెప్పారు. వింటేగా! ‘ఐసు ఫ్యాక్టరీ దగ్గరే ఉంటా. మా అమ్మ ఎప్పుడొచ్చినా అక్కడికైతే దారి తప్పదు’ అన్నాడు.”

చుట్టూ హారన్లు మోగుతూనే ఉన్నాయి. సుస్మితకు అవేవీ వినిపించలేదు. నాయనమ్మ కాళ్ళ దగ్గరున్న పెట్టెను తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. కారే నీళ్ళకు కొత్త గౌను తడిసిపోతున్నా ఇల్లు చేరేదాకా దించలేదు.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట కావొస్తోంది. గంగాదేవి అత్తగారిని చూసి, ముందు మంచినీళ్ళిచ్చి, తర్వాత కూతురి వంక ఒక చూపు చూసింది. ఆ చూపు అర్థమై సుస్మిత తల దించుకుంది. చేప మాత్రం ఏమీ చెడలేదు. గంగాదేవి పొయ్యి వెలిగించింది. చింతపండు పులుసు వాసన వీధి దాకా వెళ్ళింది.

ఒకటిన్నరకు ఫోన్ మోగింది. ఫిలిప్ గారు.

“అమ్మా, ఈ హరిత జంక్షన్ ఎక్కడండీ? అరగంట నుంచి తిరుగుతున్నాం. మ్యాప్‌లో చూపించిన రోడ్డు మూసేసి ఉంది. ఎవరినడిగినా తెలీదంటున్నారు.”

గంగాదేవి నోరు తెరిచేలోపే సుస్మిత చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. వంటగదిలో గిన్నె కడుగుతున్న వీరమ్మ చేతులు ఆగిపోయాయి.

“అంకుల్, ఐసు ఫ్యాక్టరీ సెంటర్‌కి ఎలా వెళ్ళాలని అడగండి. అందరూ చెబుతారు.”

“ఐసు ఫ్యాక్టరీయా?” వెనక సీట్లోంచి బ్లెస్సీ గొంతు. ఆ వెంటనే కిలకిలమని నవ్వు.

సుస్మిత చెవులు వేడెక్కాయి. అయినా ఫోన్ పెట్టెయ్యలేదు.

“అవును బ్లెస్సీ, ఐసు ఫ్యాక్టరీనే. అక్కడే దిగండి. నేనొచ్చి నిలబడతా.”

ఫోన్ పెట్టేసి వంటగదిలోకి వెళ్ళింది. “నాయనమ్మా, నువ్వూ రా,” అని చెయ్యి పట్టి లాగింది.

పది నిమిషాల్లో కారొచ్చి పచ్చ బోర్డు కింద ఆగింది. “మొదటి ఆటో అతనే చెప్పేశాడమ్మా!” అన్నారు ఫిలిప్ గారు ఆశ్చర్యంగా. బ్లెస్సీ దిగి, అటూ ఇటూ చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఏదే నీ ఐసు ఫ్యాక్టరీ? కనపడదేం?”

సుస్మిత ఆమెను మందుల షాపు ముందుకు తీసుకెళ్ళింది.

“ఇదిగో, ఇక్కడ గేటుండేది. నిలబడితే కాళ్ళకి చల్లగాలి కొట్టేది. ఈ పక్కన అరుగు. మా నాన్న నాలుగేళ్ళప్పుడు చేతిలో ఐసుముక్క పట్టుకుని ఆ అరుగు మీద కూర్చునేవాడు.”

“ఎందుకు?”

“మా నాయనమ్మ వచ్చేదాకా.”

బ్లెస్సీ ఈసారి నవ్వలేదు. షాపు మెట్ల వంక, పక్కనే నిలబడ్డ వీరమ్మ వంక మార్చి మార్చి చూసింది.

వీరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “అరుగు అక్కడ కాదే అమ్మడూ, ఇంకాస్త ఇటుండేది,” అంటూ రెండడుగులు పక్కకు జరిగి చూపించింది.

సుస్మిత కూడా రెండడుగులు జరిగి, ఆమె పక్కన నిలబడింది.